గ్రాంట్ కావాలా? ముందు పేపర్ల చివరి పేరా చదవండి

ఫండింగ్ వెతుకులాట చాలామందికి గూగుల్‌లో "పీహెచ్‌డీ ఫెలోషిప్" అని కొట్టడంతో మొదలవుతుంది. రెండు గంటలయ్యేసరికి ముప్పై ట్యాబులు తెరిచి ఉంటాయి, సగం వాటికి గడువు దాటిపోయి ఉంటుంది, మిగిలినవాటిలో మనకి అర్హత ఉందో లేదో అర్థం కాదు, ఇక టెన్షన్ పట్టుకుని అన్నీ మూసేసి పడుకుంటాం. నా పీహెచ్‌డీ మొదటి ఏడాది అంతా ఇలాగే గడిచింది. నాకు దారి దొరికింది మాత్రం నేను రోజూ చదివే పరిశోధన పేపర్లలోనే. రిఫరెన్సుల జాబితాకి కాస్త పైన కృతజ్ఞతలు చెప్పే ఒక చిన్న పేరా ఉంటుంది కదా, ఎవరూ చదవరు, అదే.

మీ అంశానికి బాగా దగ్గరగా ఉన్న పేపర్లు ఓ పది తీసుకోండి. గత నాలుగైదేళ్లలో వచ్చినవి, అందులోనూ మొదటి రచయిత ఆ సమయానికి విద్యార్థో, పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసే పోస్ట్‌డాకో అయి ఉన్నవి చూసుకోండి. పేరున్న ప్రొఫెసర్లకి వచ్చే పెద్ద గ్రాంట్లు ఇప్పుడు మనకి పనికిరావు, మన స్థాయిలో ఉన్నవాళ్లకి డబ్బు ఎవరిచ్చారన్నదే కావాలి. కృతజ్ఞతల పేరాలో సంస్థ పేరు, పథకం పేరు, చాలాసార్లు గ్రాంట్ నంబరు కూడా ఉంటాయి. వాటిని ఒక షీట్‌లో రాసుకుంటూ పోతే ఏడెనిమిది పేపర్లయ్యేసరికి రెండు మూడు పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మీలాంటి పనికి డబ్బు ఇస్తామని ఆ సంస్థలు ఇప్పటికే చేసి చూపించాయి కాబట్టి మీ అసలు జాబితా అక్కడ మొదలవుతుంది. ఇదే పని థీసిస్‌ల మొదటి పేజీలతోనూ, ల్యాబ్ వెబ్‌సైట్లలో సీనియర్ల సీవీలతోనూ చేయండి. కాన్ఫరెన్సు ప్రయాణానికో ఫీల్డ్ వర్క్‌కో వచ్చిన చిన్న మొత్తాలు పేపర్లలో కనపడవు, సీవీల్లోనే దొరుకుతాయి.

గ్రాంట్ నంబరు దొరికితే ఇంకో మెట్టు ఎక్కవచ్చు. ప్రభుత్వ డబ్బుతో నడిచే పెద్ద సంస్థలు ఎవరికి ఎంత ఇచ్చాయో బయటపెడతాయి. అమెరికాలో ఆరోగ్య పరిశోధనకి డబ్బిచ్చే ఎన్ఐహెచ్‌కి రిపోర్టర్, సైన్స్, ఇంజినీరింగ్‌కి ఇచ్చే ఎన్ఎస్ఎఫ్‌కి అవార్డ్ సెర్చ్, యూరోపియన్ యూనియన్ ప్రాజెక్టులకి కోర్డిస్, బ్రిటన్‌కి గేట్‌వే టు రీసెర్చ్ అనే డేటాబేసులు ఉన్నాయి. అన్నీ ఉచితం. ప్రాజెక్టు శీర్షిక, కాలవ్యవధి, అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం) అక్కడే చదవొచ్చు, ఎంత డబ్బు ఇచ్చారో కూడా చాలావాటికి ఉంటుంది. గెలిచిన అబ్‌స్ట్రాక్టులు ఓ పదిహేను వరసగా చదివితే ప్రశ్నని ఎంత చిన్నగా, ఎంత గట్టిగా పట్టుకోవాలో అర్థమవుతుంది, నాకైతే ఏ వర్క్‌షాప్‌లోనూ అంత తెలియలేదు. ఎన్ఐహెచ్ రిపోర్టర్‌లో మ్యాచ్‌మేకర్ అని ఒకటుంది. మీ అబ్‌స్ట్రాక్ట్‌ని అందులో పేస్ట్ చేస్తే దానికి దగ్గరగా ఉన్న ప్రాజెక్టుల్ని, వాటిని చూసే ప్రోగ్రామ్ అధికారుల పేర్లనీ చూపిస్తుంది. మీరు అక్కడ అప్లై చేయకపోయినా, మీ పనిని ఏ విభాగం కింద చూస్తారో తెలుసుకోవడానికి వాడుకోండి.

ఇక కొత్త కాల్స్, అంటే దరఖాస్తులకి పిలుపులు, వెతకడానికి అమెరికా ఫెడరల్ గ్రాంట్లకి గ్రాంట్స్ డాట్ గవ్, యూరప్‌లో పరిశోధక ఉద్యోగాలకీ ఫెలోషిప్‌లకీ యూరాక్సెస్, జర్మనీకి డాడ్ స్కాలర్‌షిప్ డేటాబేస్ చూడండి. పివట్, రీసెర్చ్ ప్రొఫెషనల్ లాంటి పెద్ద డేటాబేసులకి యూనివర్సిటీలు చందా కడతాయి. మీ యూనివర్సిటీకి ఉందేమో లైబ్రరీలోనో రీసెర్చ్ ఆఫీసులోనో అడగండి, చందా ఉన్నా విద్యార్థుల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు. అలర్ట్ పెట్టేటప్పుడు "బయాలజీ" అని పెట్టకండి, వారం తిరగకుండానే ఆ మెయిళ్లు తెరవడం మానేస్తారు. మీ అంశం, మీ దశ, మీరు అర్హులయ్యే దేశాలు, ఈ మూడూ కలిపి పెట్టండి.

అర్హత విషయంలో మాత్రం నిదానంగా ఉండాలి. నేను ఒకసారి కాల్ వెబ్‌పేజీలో ఉన్న సారాంశం చదివి మూడు వారాలు ప్రపోజల్ రాశాను. గడువుకి ఐదు రోజుల ముందు పూర్తి నిబంధనల పీడీఎఫ్ తెరిస్తే, అప్లై చేసే నాటికే పీహెచ్‌డీ పట్టా వచ్చి ఉండాలని లోపల ఎక్కడో ఉంది. నా థీసిస్ డిఫెన్స్‌కి ఇంకా రెండు నెలలుంది. అప్పటి నుంచి ప్రపోజల్‌లో ఒక్క వాక్యం రాయకముందే పీడీఎఫ్ మొత్తం చదివి, పౌరసత్వం, నివాసం, డిగ్రీ తేదీ, పీహెచ్‌డీ తర్వాత గడిచిన ఏళ్లు, ఒకేసారి ఎన్నిచోట్ల అప్లై చేయొచ్చు అన్న ఐదు షరతులు షీట్‌లో పక్కపక్కన రాసుకుంటున్నాను. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మారీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌నే చూడండి. యూరప్‌లోనే చేసే రకానికి ఏ దేశస్థులైనా అప్లై చేయొచ్చు, కానీ మీరు వెళ్లాలనుకున్న దేశంలో గడువుకి ముందు 36 నెలల్లో 12 నెలలకి మించి ఉండి గానీ, ప్రధానంగా పని చేసి గానీ ఉండకూడదు. అందుకని అక్కడే పీహెచ్‌డీ చేసినవాళ్లు అదే దేశంలో ఉండిపోదామనుకుంటే ఈ షరతు దగ్గరే ఆగిపోతారు. క్యాలెండర్ ముందు పెట్టుకుని నెలలు లెక్కపెట్టండి. ప్రసూతి సెలవు, అనారోగ్యం లాంటి వాటికి కొన్ని సంస్థలు లెక్కలో మినహాయింపు ఇస్తాయి. అది ఎవరో ఇచ్చే దయ కాదు, నిబంధనల్లోనే ఉంటుంది, మొహమాటం లేకుండా వాడుకోండి.

చిన్న మొత్తాల్ని చిన్నచూపు చూడకండి. సిగ్మా సై అనే శాస్త్రవేత్తల సంఘం 1922 నుంచి విద్యార్థుల పరిశోధనకి చిన్న గ్రాంట్లు ఇస్తోంది, ఒక్కొక్కటి సాధారణంగా 1,000 డాలర్లకి మించదు. మానవశాస్త్రంలో పీహెచ్‌డీ చేసేవాళ్లకి వెన్నర్ గ్రెన్ ఫౌండేషన్ డిసర్టేషన్ ఫీల్డ్ వర్క్ గ్రాంట్ ఉంది, ఏ దేశపు విద్యార్థులైనా అడగొచ్చు. మీ రంగంలో ప్రొఫెషనల్ సొసైటీ ఏదైనా ఉంటే విద్యార్థి సభ్యత్వం తీసుకోండి, ట్రావెల్ గ్రాంట్లు చాలావరకు సభ్యులకే వస్తాయి. చిన్న గ్రాంట్‌కి దరఖాస్తు రెండు పేజీలు, పోటీ తక్కువ. ఆ డబ్బుతో తెచ్చిన మొదటి డేటా తర్వాత పెద్ద ప్రపోజల్‌లో మీ తరఫున మాట్లాడుతుంది. మాస్టర్స్‌కి వెళ్లాలనుకునేవాళ్లు యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్ ఎరాస్మస్ ముండస్ చూడండి, ప్రపంచంలో ఎక్కడివాళ్లైనా అప్లై చేయొచ్చు. స్కాలర్‌షిప్ ఇప్పిస్తామంటూ ముందే ఫీజు కట్టమనే మధ్యవర్తులకి మాత్రం ఒక్క పైసా ఇవ్వకండి.

జాబితాలో నాలుగైదు పేర్లు మిగిలాక, రాయడానికి ముందే ఆ సంస్థ ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. ఇక్కడ చాలామంది జంకుతారు, నేనూ జంకాను. కానీ అలాంటి మెయిళ్లకి జవాబివ్వడం వాళ్ల ఉద్యోగంలో భాగమే. "నేను అప్లై చేయొచ్చా?" అని అడిగితే వచ్చే జవాబు "నిబంధనలు చూడండి" అనే. దానికి బదులు ఇలా రాయండి: "నేను రెండో ఏడాది పీహెచ్‌డీ విద్యార్థిని. నేల పైపొర ఎండిపోయాక లోతు వేళ్ల మొక్కలు ఎన్నాళ్లు నిలబడతాయో కొలవాలనుకుంటున్నాను. ఇది మీ పర్యావరణ కాల్ కిందకి వస్తుందా, వ్యవసాయ కాల్ కిందకి వస్తుందా? ఒక పేజీ సారాంశం జతచేశాను." నాలుగే వాక్యాలు, ఒకటే ప్రశ్న. రెండిట్లోకీ రాదని జవాబొచ్చినా మీకు రెండు నెలల శ్రమ తప్పినట్టే.

ఆ ఒక్క పేజీయే ప్రపోజల్‌కి ప్రాణం. ఎన్ఐహెచ్ ఇచ్చే ఆర్01 అనే పరిశోధన గ్రాంట్‌లో పరిశోధన ప్రణాళికకి 12 పేజీలు ఇస్తారు, దాని ముందు లక్ష్యాలు చెప్పడానికి ఒకే ఒక్క పేజీ. అక్కడ అప్లై చేసినవాళ్లని అడగండి, ఎక్కువ రోజులు పట్టింది ఆ పేజీకే అంటారు. రివ్యూయర్ బల్ల మీద మీదొక్కటే ఉండదు, ఆయన మీ సన్నటి అంశంలో నిపుణుడు కాకపోవచ్చు కూడా. "నేల తేమ చాలా ముఖ్యమైన అంశం, దీనిపై మరింత పరిశోధన అవసరం" అని మొదలుపెడితే ఆయనకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఇప్పటివరకు ఏం తెలుసు, ఎక్కడ ఆగిపోయాం, నేను ఏం కొలుస్తాను, ఆ కొలత ఎటు తేలినా ఏం తెలుస్తుంది, ఇవి మొదటి పేరాలోనే పడాలి. మార్కులు వేసే ప్రమాణాలు కాల్‌లోనే ఉంటాయి. ఎన్ఎస్ఎఫ్ అయితే శాస్త్రపరమైన విలువ, సమాజానికి ఒనగూడే ప్రయోజనం అని రెండింటినీ చూస్తుంది. వాటినే ఉపశీర్షికలుగా పెట్టేయండి, రివ్యూయర్ వెతుక్కోనక్కర్లేకుండా.

బడ్జెట్ చివరి రాత్రి పని కాదు. పద్ధతుల్లో అరవై శాంపిల్స్ అని రాసి బడ్జెట్‌లో నలభైకే డబ్బు అడిగితే మొత్తం ప్రణాళిక మీదే నమ్మకం పోతుంది. నిర్వహణ ఖర్చుల కింద యూనివర్సిటీకి పోయే ఓవర్‌హెడ్ ఎంతో, ఆ సంస్థ అది ఇస్తుందో లేదో రీసెర్చ్ ఆఫీసుని ముందే అడగండి. వాళ్ల అంతర్గత గడువు అసలు గడువుకి కొన్ని రోజుల ముందే ఉంటుంది, మీ షీట్‌లో రాసుకోవాల్సింది ఆ తేదీనే. రికమండేషన్ లెటర్‌కి నెల ముందే అడిగి, ప్రపోజల్ సారాంశం, సీవీ, గడువు, అప్‌లోడ్ లింకు ఒకే మెయిల్‌లో పంపండి. మీరు వాళ్లతో కలిసి చేసిన పనులు రెండు మూడు గుర్తుచేస్తూ అరపేజీ జతచేస్తే లెటర్ చాలా బాగా వస్తుంది.

రిజెక్ట్ అయితే బాధపడతారు, పడండి. కానీ ఒక సంగతి తెలుసుకోండి. న్యూజిలాండ్ హెల్త్ రీసెర్చ్ కౌన్సిల్ 2013లో ఒక రకం గ్రాంట్లని, అర్హమైనవని తేలిన ప్రపోజల్స్ మధ్య లాటరీ తీసి ఇవ్వడం మొదలుపెట్టింది. బ్రిటిష్ అకాడమీ కూడా తన చిన్న గ్రాంట్లకి ఇలాంటి పద్ధతే మొదలుపెట్టింది. మంచివన్నీ ఒక స్థాయి దాటాక వాటి మధ్య తేడా చెప్పడం కష్టమని ఆ సంస్థలే ఒప్పుకున్నట్టు కదా. అందుకే రివ్యూయర్ల కామెంట్లు ఇచ్చేచోట తప్పకుండా తెప్పించుకోండి. వచ్చిన రోజు చదివి పక్కన పెట్టేసి, వారం తర్వాత మళ్లీ తెరిచి, ప్రతి కామెంట్ పక్కన "సరిచేస్తాను", "సరిగా చెప్పలేకపోయాను", "ఒప్పుకోను" అని మూడింట్లో ఒకటి రాయండి. రెండోది ఎన్నిసార్లు వస్తుందో మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఎన్ఐహెచ్ లాంటి చోట్ల సవరించి మళ్లీ పంపడానికి 37 నెలల వరకు టైమ్ ఉంటుంది, పాత కామెంట్లకి జవాబుగా ఒక పేజీ పరిచయం కూడా రాయనిస్తారు. మళ్లీ పంపనివ్వని చోటైతే అదే ప్రపోజల్‌ని సరిచేసి, షీట్‌లో రెండో వరసలో ఉన్న సంస్థ నిబంధనల పీడీఎఫ్ తెరవండి.