ఇనుప ఉల్కల సేకరణ – 4వ పాఠం: ముక్కకు చెమట పడితే

పోయిన పాఠంలో ఇచ్చిన పనితో మొదలుపెడదాం. మీ దగ్గరున్న ముక్క సాంద్రత కొలవమన్నాను. డిజిటల్ కాటా మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి, కాటాను సున్నాకి తెచ్చి, ముక్కను దారంతో కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అడుగుకీ గోడలకీ తగలకూడదు. అప్పుడు కాటా చూపించే అంకె, ముక్క పక్కకు నెట్టిన నీటి బరువు. నా క్యాంపో డెల్ సియెలో (అర్జెంటీనాలో పడిన ఇనుప ఉల్క) ముక్క 84.6 గ్రాములు. నీళ్ళలో వేలాడదీస్తే కాటా 10.9 చూపింది. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే 7.76 వచ్చింది.

మీకు 7.5 నుంచి 7.9 మధ్యలో వచ్చి ఉంటే సంతోషించండి, కానీ అప్పుడే తీర్పు చెప్పేయకండి. ఫ్యాక్టరీలో తయారైన ఇనుము కూడా 7.8 దగ్గరే ఉంటుంది. 5 దగ్గర వస్తే అది మాగ్నెటైటో హెమటైటో, అంటే భూమి మీది ఇనుప ఖనిజపు రాయి, అయ్యుండొచ్చు. 3, 4 దగ్గర వచ్చి, కోసిన చోట గాలి బుడగల గుంటలు కనిపిస్తే కొలిమి చిట్టెం అనుకోవాలి. అంటే ఈ కొలత 'కాదు' అని చెప్పగలదు గానీ, 'అవును' అని చెప్పలేదు. 'అవును' అనడానికి రెండో పాఠంలో చేసిన నికెల్ పరీక్ష, కోసి పాలిష్ చేసిన ఉల్క మీద ఆమ్లంతో తేల్చే గీతలు (వచ్చే పాఠంలో చూడబోయేవి) కావాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొలత అయ్యాక ముక్కను ఏం చేశారు? గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టేశారా? డిస్టిల్డ్ వాటర్ వాడమని రాశాను, అయినా కుళాయి నీళ్ళతో కానిచ్చిన వాళ్ళు కొందరు ఉంటారు. ఏ నీళ్ళు వాడినా, ఇది చదివే ముందు ఆ ముక్కను ఒకసారి బయటికి తీసి వెలుతురులో చూడండి. పైన ఎక్కడైనా పసుపు లేదా ఎర్రటి గోధుమ రంగు బొట్టు, సన్నటి చెమట చుక్కలా ఉందా? ఉంటే భయపడొద్దు, కానీ రేపటికి వాయిదా వేయొద్దు.

ఈ పాఠం మీద నాకు ప్రత్యేకమైన పట్టుదల ఉంది. నేను కొన్న మొదటి పెద్ద ముక్క చైనాలో దొరికే నాంటన్ ఉల్క, 212 గ్రాములు. అమ్మినతను దాన్ని తళతళలాడేలా రుద్ది, వార్నిష్ పూసి పంపాడు. నేను గాజు తలుపుల అల్మరాలో పెట్టి ఏడాది పాటు వచ్చిన వాళ్ళందరికీ చూపించాను. రెండో వానాకాలంలో వార్నిష్ కింద బొబ్బలు లేచాయి. చేత్తో తీయబోతే ఒక మూల విరిగి అరచేతిలోకి వచ్చింది. కోట్ల ఏళ్ళు అంతరిక్షంలో చెక్కుచెదరకుండా ఉన్న లోహం నా అల్మరాలో రెండేళ్ళు నిలవలేదు. ఆ రాలిన పొట్టును ఇప్పటికీ ఒక కవర్లో దాచుకున్నాను. మీకు అలాంటి కవరు అవసరం రాకూడదనే ఈ పాఠాన్ని ఇంత పొడవుగా రాస్తున్నాను.

తినేసేది ఏమిటి

ఇనుము తుప్పు పట్టడానికి నీళ్ళు, ఆక్సిజన్ చాలు. అయితే ఉల్కను లోపలి నుంచి గుల్ల చేసేది ఆ మామూలు తుప్పు కాదు, క్లోరైడ్, అంటే ఉప్పులో ఉండే క్లోరిన్ రూపం. సేకరించేవాళ్ళు ఈ రోగాన్ని 'లారెన్సైట్ జబ్బు' అంటారు. లారెన్సైట్ అంటే ఐరన్ క్లోరైడ్ ఖనిజం, అమెరికన్ రసాయన శాస్త్రవేత్త జాన్ లారెన్స్ స్మిత్ పేరు మీద వచ్చిన మాట. ఆ ఖనిజం ఉల్కతో పాటే అంతరిక్షం నుంచి వచ్చిందనీ, జబ్బు పుట్టుకతోనే ఉందనీ చాలాకాలం నమ్మారు. 1989లో డెన్మార్క్ లోహశాస్త్రవేత్త వాగ్న్ బుఖ్వాల్డ్, అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియం సంస్థకు చెందిన రాయ్ క్లార్క్ కలిసి అంటార్కిటికా ఉల్కల తుప్పును పరిశీలించి వేరే సంగతి చూపించారు. క్లోరిన్ మన భూమిదే. ఉల్క నేలలో పడి ఉన్న కాలంలో చుట్టూ ఉన్న మట్టి, మంచు, నీటి నుంచి మెల్లగా లోపలికి చేరుతుంది. చేరి, అకగనైట్ అనే తుప్పు ఖనిజంలో, సరిగ్గా లోహాన్ని ఆనుకుని కూర్చుంటుంది.

ఆ తర్వాత జరిగేది ఒక చక్రం. క్లోరైడ్ ఇనుమును కరిగిస్తుంది. కరిగిన ఐరన్ క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకుని చెమట చుక్కలా పైకి వస్తుంది. గాలి తగిలి అది తుప్పుగా మారేటప్పుడు ఆమ్లం విడుదలవుతుంది. ఆ ఆమ్లం మళ్ళీ కొత్త ఇనుము మీద పడుతుంది. ఈ పనిలో క్లోరిన్ ఖర్చయిపోదు, అందుకే పైపైన తుప్పు గీకేస్తే ఏమీ ఒరగదు. నెల తిరగకుండా అదే చోట మళ్ళీ చుక్క లేస్తుంది.

ముందుగా దెబ్బతినేది కామసైట్. ఇనుప ఉల్కలో రెండు లోహ ఖనిజాలు అల్లుకుని ఉంటాయని మొదటి పాఠంలో చెప్పుకున్నాం: నికెల్ తక్కువగా, 7 శాతం లోపు ఉండే కామసైట్, నికెల్ బాగా ఎక్కువ ఉండే టీనైట్. తేమలో ఇవి రెండూ బ్యాటరీ పలకల్లా పనిచేస్తాయి, నికెల్ తక్కువున్నది కరిగిపోతుంది. అందుకే జబ్బు ముదిరిన నాంటన్ ముక్కలు ఎటంటే అటు విరగవు, స్ఫటికాల అంచుల వెంట పలకలు పలకలుగా విడిపోతాయి.

కొనేటప్పుడే సగం జాగ్రత్త

అన్ని ఉల్కలూ ఒకేలా తుప్పు పట్టవు. నమీబియాలోని గిబియాన్ బాగా స్థిరమైనదని పేరు. రష్యా తూర్పు కొసన సిఖోటె-అలిన్ కొండల్లో 1947 ఫిబ్రవరి 12న జనం కళ్ళెదుటే పడిన ఉల్క ముక్కల్ని ఆ ఏడాది నుంచే ఏరడం మొదలుపెట్టారు, అవి నేలలో నానిన కాలం తక్కువ. అందుకే వాటితో గొడవ కూడా తక్కువే. అర్జెంటీనా క్యాంపో డెల్ సియెలో పడి నాలుగైదు వేల ఏళ్ళయింది. దానిలో మంచి ముక్కలున్నాయి, రోజూ చెమటోడ్చే ముక్కలూ ఉన్నాయి. స్వీడన్ ఉత్తర కొసన హిమనదాల మట్టిలో దొరికే ముయోనియోనలుస్టా కోసి చూస్తే గీతలు చూపు తిప్పుకోనివ్వవు, కానీ తుప్పు విషయంలో దానికి మంచి పేరు లేదు. మొదటి ముక్కగా దాన్ని కొనొద్దని నా సలహా. చిన్నదైనా సిఖోటె-అలిన్ కొనండి.

అమ్మే వ్యక్తిని మూడు విషయాలు అడగండి. ముక్కను శుభ్రం చేశారా, ఎలా? పైన ఏమైనా పూశారా? ఎంతకాలంగా వాళ్ళ దగ్గర ఉంది? ఐదేళ్ళుగా ఒకే గదిలో ఉండి, ఏ పూతా లేకుండా పొడిగా ఉన్న ముక్క, నిన్న రుద్ది ఇవాళ మెరుస్తున్న ముక్క కంటే ఎన్నో రెట్లు నయం. వార్నిష్, లక్క లాంటి మందపాటి పూత కనిపిస్తే నేను కొనను. తేమ లోపలే బందీ అయిపోతుంది, జబ్బు మన కంటికి కనపడకుండా పెరుగుతుంది. ఇంకో మాట, అర్జెంటీనా 2007లో చట్టం చేసి ఉల్కలను సాంస్కృతిక సంపదలో చేర్చింది. నమీబియా కూడా తన ఉల్కలను కాపాడుకుంటోంది. కాబట్టి ముక్క ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా బయటికి వచ్చిందో చెప్పే కాగితం అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

చికిత్స

ముందు, ఏ ముక్కకు చికిత్స చేయకూడదో తెలుసుకోండి. గాలిలో మండుతూ వచ్చినప్పుడు ఏర్పడిన నీలి నలుపు పెంకు ఇంకా మిగిలి ఉన్న తాజా ముక్కను బ్రష్‌తో ముట్టుకోవద్దు. ఆ పెంకు మిల్లీమీటరు కంటే పలుచన, ఒకసారి పోతే మళ్ళీ రాదు. పాత సేకరణల నుంచి వచ్చిన ముక్కల మీద రంగుతో రాసిన నంబర్లుంటాయి. అమెరికాలో ఉల్కల వేటనే జీవితంగా బతికిన హార్వే నినింగర్ తన ముక్కల మీద అలాగే నంబర్లు వేయించేవారు. ఆ నంబరు చెరిపితే ముక్క చరిత్ర చెరిపినట్టే.

మిగతా వాటికి పద్ధతి ఇది. ఊడిపోయే తుప్పును మెత్తటి ఇత్తడి తీగల బ్రష్‌తో తీయండి. ఇత్తడి ఇనుము కంటే మెత్తన, గీతలు పడవు. ప్లాస్టిక్ డబ్బాలో లీటరు డిస్టిల్డ్ వాటర్ పోసి, అందులో 20 గ్రాముల కాస్టిక్ సోడా కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. ఎప్పుడూ సోడానే నీళ్ళలో వేయాలి. సోడా మీద నీళ్ళు పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిందుతుంది. చేతులకు రబ్బరు గ్లవ్స్, కళ్ళకు పక్కలు కూడా మూసి ఉండే అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె వాడొద్దు, కాస్టిక్ దాన్ని కొరికేస్తూ మండే వాయువును వదులుతుంది. పిల్లలు, పెంపుడు జంతువులు వెళ్ళే చోట ఈ డబ్బా ఉంచొద్దు.

ముక్క ఆ ద్రావణంలో మునిగి ఉండాలి, డబ్బాకు మూత ఉండాలి. క్షార ద్రావణంలో ఇనుము కొత్తగా తుప్పు పట్టదు. అకగనైట్‌లో దాక్కున్న క్లోరైడ్ మెల్లగా బయటికి వస్తుంది. వారానికోసారి ద్రావణం మార్చండి. ఎన్ని వారాలు? ఇక్కడే చాలామందికి ఓపిక పోతుంది. చిన్న ముక్కకు నెల చాలు, పగుళ్ళున్న ముక్కకు నాలుగైదు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఊహతో పని లేకుండా తెలుసుకోవాలంటే, పాత ద్రావణం నుంచి కాస్త పరీక్షనాళికలోకి తీసుకుని, ముందు సజల నైట్రిక్ ఆమ్లంతో ఆమ్ల గుణానికి తెచ్చి, రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయండి. తెల్లటి మబ్బు కమ్మితే క్లోరైడ్ ఇంకా వస్తున్నట్టు. ఆమ్లం వేయడం మర్చిపోతే గోధుమ రంగు అవక్షేపం వచ్చి తికమక పెడుతుంది. ల్యాబ్‌లో పనిచేసే స్నేహితులుంటే ఈ పరీక్ష వాళ్ళ చేత చేయించుకోండి, ఇంట్లో నైట్రిక్ ఆమ్లం పెట్టుకోవడం కంటే అదే మేలు.

మబ్బు రావడం ఆగాక ముక్కను డిస్టిల్డ్ వాటర్‌లో నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఒక రోజు చొప్పున నానబెట్టి కడగండి. తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రెండు రోజులు. పగుళ్ళలో మిగిలిన నీటిని ఆల్కహాల్ బయటికి లాగుతుంది. బయటికి తీసి గాలి ఆడే చోట, మంటకు దూరంగా, ఆల్కహాల్ వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టండి. వాసన ఉండగా ఓవెన్‌లో పెడితే అంటుకుంటుంది, ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి. ఆరాక 100 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడిచేసి, గోరువెచ్చగా ఉండగానే మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా రుద్దండి. కొందరు మిషన్ నూనె పూస్తారు. తప్పు కాదు, కానీ నూనె దుమ్మును పట్టుకుంటుంది, లేబుల్ కాగితాన్ని పాడు చేస్తుంది. నేను మైనమే వాడతాను.

గీతలు తేల్చిన పలకకు ఈ చికిత్స చేస్తే పైన మరకలు మిగులుతాయి, మళ్ళీ పాలిష్ చేసి గీతలు తేల్చుకోవాలి. దాని సంగతి వచ్చే పాఠంలో.

ఇల్లు కట్టి ఇవ్వడం

చికిత్స అయిన ముక్కనైనా తేమలో వదిలేస్తే కథ మొదటికి వస్తుంది. గాలి చొరబడని పారదర్శకమైన డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ మీటరు, ఇంతే కావాలి. తేమ 40 శాతం లోపు ఉండాలి. రంగు మారే జెల్ కొంటే ఎప్పుడు ఆరబెట్టాలో అదే చెబుతుంది. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తుంది. ముక్కను జెల్‌కు తగలనివ్వకండి, మధ్యలో ఒక ప్లాస్టిక్ జాలీ పెట్టండి. ఒట్టి చేతులతో పట్టుకోవద్దు. మన చెమటలో ఉండేది ఉప్పే కదా, ఉప్పంటే క్లోరైడే.

డబ్బాలో లేబుల్ ఉండాలి: ఉల్క పేరు, వర్గం, బరువు, ఎవరి దగ్గర ఎప్పుడు తీసుకున్నారు, చికిత్స ఎప్పుడు ఏది చేశారు. పేరును మెటియోరిటికల్ సొసైటీ నడిపే ఉల్కల జాబితాలో ఉన్నట్టే రాయండి. పాత లేబుళ్ళు ఎంత నలిగినా పారేయకండి, కొత్తదాని వెనకే ఉంచండి. మూడు నెలలకోసారి బరువు చూసి తేదీతో రాయండి. బరువు కొద్దిగా పెరిగితే ఇనుముకు ఆక్సిజన్, నీరు తోడవుతున్నాయని, తగ్గితే పొట్టు రాలుతోందని అర్థం. కంటికి కనపడక ముందే కాటా చెప్పేస్తుంది.

ఈసారి పని

మీ ముక్కను తెల్లటి టిష్యూ కాగితం మీద పెట్టి, సిలికా జెల్ లేకుండా, మూసిన డబ్బాలో పది రోజులు ఉంచండి. రోజూ ఒకే వేళకు చూసి, కాగితం మీద గోధుమ చుక్క ఏ రోజున, ముక్కలో ఏ వైపున కనిపించిందో బొమ్మ గీసి గుర్తుపెట్టండి. తేమ మీటరు అంకె కూడా పక్కనే రాయండి. చుక్క కనిపించిన రోజే ఆపేసి చికిత్స మొదలుపెట్టండి. పది రోజులూ కాగితం తెల్లగానే ఉంటే ముక్కను జెల్ ఉన్న డబ్బాలోకి మార్చి, బరువు రాసి పెట్టండి. 5వ పాఠానికి ఆ బరువు, ఒక చదునైన వైపు ఉన్న ముక్క, 220 నుంచి 2000 నంబరు దాకా నీటి ఎమరీ కాగితాలు దగ్గర ఉంచుకోండి.