బలాట్రో నేర్చుకుందాం – పాఠం 4: వడ్డీ మోజు, జోకర్ల వరుస

కొత్తగా వచ్చినవాళ్లకు ఒక్క మాట: బలాట్రో పేకముక్కలతో ఒంటరిగా ఆడే వీడియో గేమ్. పోకర్‌లోలా ముక్కల కలయిక (హ్యాండ్) వేస్తే, దాని చిప్స్‌ను మల్ట్ అనే గుణకంతో హెచ్చవేసి స్కోరు కడతారు. ఆ స్కోరుతో బ్లైండ్ అనే లక్ష్యాన్ని దాటాలి; చిన్న, పెద్ద, బాస్ బ్లైండ్లు మూడూ కలిస్తే ఒక యాంటీ. బ్లైండ్ల మధ్య షాపులో స్కోరు పెంచే జోకర్లు కొనొచ్చు. మొదటి నుంచి చివరిదాకా ఒక ఆటను రన్ అంటారు.

ఈసారి బాస్ బ్లైండ్ల గురించి చెబుతానని పోయిన పాఠం చివర మాటిచ్చాను. దాన్ని ఐదో పాఠానికి జరుపుతున్నాను. వడ్డీ గురించి చదివాక చాలామంది రెండో యాంటీ బాస్ దగ్గరే, చేతిలో 20 డాలర్లు పెట్టుకుని మరీ ఓడిపోయారు. డబ్బు దాచుకోవాలన్న మాట ఒక్కటే గుర్తుపెట్టుకుని మొదటి మూడు షాపుల్లో ఏమీ కొనకుండా వచ్చేశారు. ముందు ఆ ముడి విప్పాలి.

వడ్డీ లెక్క ఇంకోసారి చూద్దాం. చేతిలో ఉన్న ప్రతి 5 డాలర్లకు 1 డాలరు వస్తుంది, ఎంత ఉన్నా 5కు మించి రాదు. అంటే 25 దాటాక దాచినదానికి వడ్డీ లేదు. పైగా ఈ లెక్క బ్లైండ్ గెలిచేసరికి మీ దగ్గరున్న సొమ్ము మీదే కడతారు, ఆ బ్లైండ్‌కు వచ్చే బహుమతి అందులో కలవదు. కాబట్టి చూసుకోవాల్సింది షాపులోంచి బయటికొచ్చేటప్పుడు ఎంత మిగిలిందన్నది. 10 డాలర్లతో వస్తే వడ్డీ 2, 14తో వచ్చినా అదే 2. ఆ పైనున్న 4 డాలర్లు ఖర్చుపెట్టినా వడ్డీకి నష్టం లేదు. ఈ సంగతి పట్టించుకోకుండా 14ను 14గానే దాచినవాళ్లే ఎక్కువ.

జోకర్ ఒక్కటీ లేకుండా ఎంత దూరం వెళ్లగలరో అంకెల్లో చూడండి. ఫ్లష్ (ఐదూ ఒకే గుర్తు ముక్కలు) వేశారు: ఆసు, రాజు, 9, 7, 4. మొదటి స్థాయి ఫ్లష్‌కు 35 చిప్స్, 4 మల్ట్. ముక్కల విలువలు 11, 10, 9, 7, 4 కలిపితే 41. మొత్తం 76 చిప్స్, 4తో హెచ్చవేస్తే 304. నాలుగు హ్యాండ్లకూ నాలుగు ఇలాంటి ఫ్లష్‌లు పడ్డా, అలా పడటం అరుదు, వచ్చేది 1216. రెండో యాంటీలో చిన్న బ్లైండ్ 800, పెద్దది 1200, బాస్ మామూలుగా 1600. పెద్దది అంచు మీద దాటుతారు, బాస్ దగ్గర ఆగిపోతారు. అదే 2 డాలర్ల మామూలు జోకర్ ఒక్కటున్నా, అది ఇచ్చే +4తో మల్ట్ 8 అవుతుంది. అదే ఫ్లష్ 608 ఇస్తుంది. మూడు వేస్తే బాస్ పోయినట్టే.

ఇక జోకర్ కొంటే పోయే వడ్డీ ఎంత? మొదటి షాపులో మీ దగ్గర దాదాపు 9 డాలర్లుంటాయి: మొదట ఇచ్చే 4, చిన్న బ్లైండ్‌కు 3, వాడకుండా మిగిలిన రెండు హ్యాండ్లకు 2. 5 డాలర్ల జోకర్ కొంటే 4 మిగులుతాయి. వచ్చే రౌండులో పోయేది 1 డాలరు వడ్డీ, అంతే. ఆ ఒక్క డాలరు కోసం రన్ మొత్తం పోగొట్టుకోవద్దు. మల్ట్ ఇచ్చే మొదటి జోకర్ చేతికి వచ్చేదాకా వడ్డీ అనే మాటే మరచిపోండి. మూడో యాంటీకల్లా 25కు చేరితే చాలు. ఇదంతా వైట్ స్టేక్ లెక్క (స్టేక్ అంటే కష్టస్థాయి, వైట్ అన్నిటికన్నా తేలిక). రెడ్ స్టేక్ నుంచి చిన్న బ్లైండ్‌కు బహుమతి ఉండదు కనుక 25కు చేరడం ఇంకో యాంటీ వెనక్కి జరుగుతుంది.

ఆఖరిదైన ఎనిమిదో యాంటీ బాస్ ముందు షాపులో మిగిల్చిన డాలరుకు ఏ విలువా లేదు, ప్రతి డాలరుకూ 2 చిప్స్ ఇచ్చే బుల్ లాంటి జోకర్ మీ దగ్గరుంటే తప్ప. నా మటుకు ఏడో యాంటీ నుంచే 25 నియమం వదిలేసి, మొత్తం రీరోల్స్ (డబ్బిచ్చి షాపులోని సరుకు మార్పించుకోవడం) మీద పెట్టేస్తాను. మొదటి రీరోల్ 5 డాలర్లు, ఆ షాపులోనే మళ్లీ నొక్కితే 6, ఆ తర్వాత 7.

ఇప్పుడు అసలు ఉచ్చు. రెండో యాంటీ దాటినవాళ్లు కూడా నాలుగు, ఐదు యాంటీల్లో పడిపోతున్నది దీనివల్లే. జోకర్లను కొన్న వరుసలోనే వదిలేస్తున్నారు. కొత్తగా కొన్నది ఎప్పుడూ కుడి చివర చేరుతుంది. ముందు ×3 కొని తర్వాత +4 కొంటే, ఆ వరుస మీకు ప్రతి హ్యాండ్‌లోనూ నష్టమే.

రెండు రాజుల పెయిర్ తీసుకోండి. 10 చిప్స్, 2 మల్ట్, రాజులిద్దరికీ 20. మొత్తం 30 చిప్స్. జోకర్లు రెండే: మామూలు జోకర్, కావెండిష్. మొదటిది మల్ట్‌కు 4 కలుపుతుంది, రెండోది మల్ట్‌ను మూడు రెట్లు చేస్తుంది. కావెండిష్ కుడివైపు ఉంటే 2కు 4 కలిసి 6, మూడు రెట్లయితే 18. 30ని 18తో హెచ్చవేస్తే 540. కావెండిష్ ఎడమవైపు ఉంటే 2 మూడు రెట్లయి 6, దానికి 4 కలిస్తే 10. వచ్చేది 300. ముక్కలు అవే, జోకర్లు అవే, తేడా 240. జోకర్లు ఎడమ నుంచి కుడికి పనిచేస్తాయి కాబట్టి చిప్స్ ఇచ్చేవి ఎక్కడున్నా పర్వాలేదు, మల్ట్ కలిపేవి ఎడమన, హెచ్చవేసేవి కుడిచివర. హ్యాండ్ వేసే ముందు ఎప్పుడైనా వాటిని లాగి జరపొచ్చు. పాలీక్రోమ్ ఎడిషన్ (జోకర్‌కు అదనపు శక్తినిచ్చే ప్రత్యేక పూత) ఉన్న జోకర్ తన పని చేశాక ×1.5 చేస్తుంది, అందుకని అది కలిపే జోకరే అయినా కలిపేవాటన్నిటికీ కుడిన ఉండాలి. బ్లూప్రింట్ అనే జోకర్ తన కుడి పక్కనున్న జోకర్‌ను నకలు చేస్తుంది కనుక దాన్ని ×3కి సరిగ్గా ఎడమన ఆనించి, రెండింటినీ కలిపే జరపండి. ఒకదాన్ని జరిపి రెండోదాన్ని మరచిపోవడం చాలా జరుగుతుంది.

ఇంతవరకు చెబితే అందరూ సరే అంటారు. తప్పు జరిగేది దీని తర్వాత. అన్ని జోకర్లూ ఒకే సమయంలో పనిచేయవు. ముందు వేసిన ముక్కలు ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటిగా లెక్కకొస్తాయి, ముక్కకు స్పందించే జోకర్లు అప్పుడే పనిచేస్తాయి. తర్వాత చేతిలో మిగిలిన ముక్కలు. ఆ తర్వాతే కావెండిష్ లాంటి స్వతంత్ర జోకర్ల వంతు. ఫోటోగ్రాఫ్ అనే జోకర్‌ను ఎంత కుడికి తోసినా మామూలు జోకర్ ఇచ్చే +4 దానికి అందదు, ఎందుకంటే అది ముక్క లెక్కకొచ్చినప్పుడే పని ముగించేసింది. హ్యాండ్‌లో మొదట లెక్కకొచ్చే బొమ్మ ముక్కకు ×2 చేయడమే దాని పని.

కాబట్టి ఫోటోగ్రాఫ్ ఉన్నప్పుడు ముక్కల వరుస కూడా మీరే పెట్టాలి. ఆటీను ఫ్లష్ ఉంది: రాజు, 9, 7, 4, 2. చిప్స్ 35కు 32 కలిసి 67. ఎడమన లస్టీ జోకర్, అంటే ప్రతి ఆటీనుకూ +3 మల్ట్. దాని కుడిన ఫోటోగ్రాఫ్. సార్ట్ బటన్ నొక్కితే పెద్ద ముక్క ఎడమకొస్తుంది, అంటే రాజు ముందు. 4కు 3 కలిసి 7, రెట్టింపయితే 14, మిగతా నాలుగు ఆటీన్లు 12 ఇస్తే 26. 67ను 26తో హెచ్చవేస్తే 1742. ఇప్పుడు రాజును వేలితో లాగి కుడి చివర పెట్టండి. నాలుగు ఆటీన్లు ముందు లెక్కకొచ్చి 4 కాస్తా 16 అవుతుంది, రాజు ఆటీను కనుక 19, ఆపైన రెట్టింపు 38. 67ను 38తో హెచ్చవేస్తే 2546. మూడో యాంటీ చిన్న బ్లైండ్ 2000. ఒక వరుసలో ఒకే హ్యాండ్‌తో దాటిపోయి మిగిలిన ప్రతి హ్యాండ్‌కూ ఒక డాలరు తీసుకుంటారు, ఇంకో వరుసలో రెండోది వేయాల్సి వస్తుంది. సార్ట్ బటన్‌ను ముక్కలు వెతుక్కోవడానికి వాడండి, వేసే ముందు మాత్రం దాన్ని నమ్మొద్దు.

చేతిలో మిగిలిన ముక్కలకూ ఇదే సూత్రం. షూట్ ది మూన్ జోకర్ చేతిలోని ఒక్కో రాణికి +13 ఇస్తుంది, బ్యారన్ జోకర్ ఒక్కో రాజుకు ×1.5. రాణులు ఎడమన, రాజులు కుడిన. ఒక రాణి, ఇద్దరు రాజులతో 2 మల్ట్ 33.75 అవుతుంది, తిరగేస్తే 17.5 దగ్గర ఆగుతుంది.

లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఒక్కరే చేసిన ఈ ఆట 2024 ఫిబ్రవరి 20న వచ్చింది. దీని బలం నాకు కనిపించేది ఈ క్రమంలోనే. 150 జోకర్లున్నా క్రమం ఒక్కటే. గడియారం తరమదు, ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. ముక్క ముక్కకీ ఏం కలిసిందో కళ్ల ముందే చూపిస్తుంది. బలహీనత కూడా దాని పక్కనే ఉంది: ఎంచుకున్న ముక్కలకు హ్యాండ్ పేరు, మూల చిప్స్, మల్ట్ చూపిస్తుంది కానీ మొత్తం ఎంతొస్తుందో వేసేదాకా చెప్పదు. కోరుకున్నవాళ్లకైనా ఆ అంకె చూపే వీలు సెట్టింగ్స్‌లో ఉండాల్సింది. లేదు కనుకే ఇన్ని లెక్కలు మనం కడుతున్నాం. వరుస తప్పని కొత్తవాళ్లకు తెలియడానికి వేరే దారి లేదు. నేర్చుకునేన్నాళ్లు ఆట వేగం 1 మీదే ఉంచండి. 4 పెట్టేస్తే ఏ జోకర్ ఎప్పుడు పనిచేసిందో కంటికి ఆనదు.

పై స్టేకుల్లో ఇంకో లోపం. గోల్డ్ స్టేక్‌లో అద్దె జోకర్లు రౌండుకు 3 డాలర్లు లాగేస్తాయి, ఆరెంజ్ స్టేక్ నుంచి వచ్చే జోకర్లలో కొన్ని ఐదు రౌండ్లకు చచ్చుబడతాయి. అక్కడ మొదటి రెండు షాపుల్లో ఏం దొరికిందన్నదే రన్‌ను తేల్చేస్తుంది, నైపుణ్యానికి చోటు తగ్గిపోతుంది. వైట్ నుంచి గ్రీన్ దాకా ఆట అద్భుతంగా తూగుతుందని నా అభిప్రాయం. గోల్డ్ గురించి అలా అనలేను.

ఈ పాఠానికి నేరుగా అడ్డొచ్చే బాస్ ఒకటుంది కాబట్టి అదొక్కటీ ఇప్పుడే చెబుతాను. ఆంబర్ ఏకార్న్ ఎనిమిదో యాంటీలో రావచ్చు. జోకర్లన్నిటినీ బోర్లా తిప్పి కలిపేస్తుంది. కంగారుపడి బలమైన హ్యాండ్ ముందే వేయొద్దు. మొదట ఒక బలహీనమైన హ్యాండ్ వేసి, ఏ స్థానంలోంచి ఏ అంకె లేచిందో చూడండి. ×3 లేచిన చోటు గుర్తుపెట్టుకుని దాన్ని కుడి చివరకు లాగి, అప్పుడు అసలుది వేయండి. ఒక హ్యాండ్ పోయినా లాభమే. అందుకే ఆ బాస్ కనిపిస్తే మూడు హ్యాండ్లతోనే గెలిచేలా మీ డెక్ ఉండాలి.

అభ్యాసం రెండు భాగాలు. మొదటిది: మొదటి యాంటీ నుంచి నాలుగో యాంటీ బాస్ దాకా, వేసే ప్రతి హ్యాండ్‌కూ ముందు కాగితం మీద మొత్తం రాయండి, ఆ తర్వాతే ప్లే నొక్కండి. అంకె తప్పితే రన్ ఆపి, ఏ జోకర్ దగ్గర తప్పిందో తేల్చాకే ముందుకు వెళ్లండి. విసుగొస్తుంది, అయినా ఒక రన్ పూర్తిగా ఇలా ఆడాల్సిందే.

రెండోది: ఆటీను రాజు, ఇస్పేటు రాజు పెయిర్‌గా వేస్తున్నారు. జోకర్లు ఐదు: మామూలు జోకర్, హాఫ్ జోకర్ (మూడు ముక్కలకు మించకుండా వేస్తే +20 మల్ట్), లస్టీ, ఫోటోగ్రాఫ్, కావెండిష్. ముక్కలనూ జోకర్లనూ మీ ఇష్టం వచ్చినట్టు జరుపుకోవచ్చు. గరిష్ఠం 3060, కనిష్ఠం 1350. ఆ రెండు అంకెలూ వచ్చే వరుసలు రాయండి. పైన చెప్పిన ఆటీను ఫ్లష్ వరుసను గుడ్డిగా ఇక్కడ పెడితే 3060 రాదు. ఎందుకు రాదో ఒక వాక్యంలో రాసిపెట్టుకోండి. ఐదో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.