రేకుల షెడ్డు పోయి పక్కా గదులు రావాలంటే ముందు బడి రికార్డు చూడండి

మాది రాజాం వైపు పల్లె. మా బడిలో మూడు, నాలుగు తరగతులు రేకుల షెడ్డులో జరిగేవి. ఎండాకాలం ఒంటిపూట బడి పెట్టినా పదిన్నరకల్లా ఆ షెడ్డు పెనంలా కాలేది, గట్టి వాన పడితే రేకుల మీద చప్పుడుకు టీచరు గొంతు రెండో వరసకు వినపడేది కాదు, ఇక అక్టోబరులో తుఫాను అన్న మాట వస్తే చాలు మా అందరికీ టెన్షన్. హుద్‌హుద్, తిత్లీ చూసినవాళ్లం కదా, రేకులు ఎలా ఎగిరిపోతాయో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. నేను బడి కమిటీలో ఉన్నప్పుడు, పక్క ఊళ్లకు వచ్చిన గదులు మాకెందుకు రావడం లేదని తిరిగి తిరిగి అడిగితే చివరికి తెలిసింది: రికార్డు ప్రకారం మా బడికి ఐదు గదులున్నాయి, ఐదూ పక్కావే, ఐదూ బాగున్నాయి. అందులో రెండు మా షెడ్డే. మధ్యలో తడిక కట్టాం కాబట్టి రెండు గదులైపోయింది.

ఎవరూ కావాలని చేసింది కాదు. ఎప్పుడో ఒక ఏడాది బడికి చెడ్డపేరు వస్తుందని బాగుందని రాశారు, తర్వాత ఏటా అదే ఎక్కుతూ వచ్చింది. కానీ పైన కూర్చుని నిధులు పంచేవాళ్లకు మన షెడ్డు కనపడదు, కంప్యూటర్‌లో ఉన్న అంకె మాత్రమే కనపడుతుంది. అందుకే ఎమ్మెల్యే గారి దగ్గరకు, కలెక్టరాఫీసుకు పరిగెత్తే ముందు ఈ పని చేయండి.

దేశంలోని బడులన్నిటి వివరాలు నమోదయ్యే ప్రభుత్వ లెక్కను యూడైస్ అంటారు. అందులో ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, మన ఆంధ్రప్రదేశ్‌ది 28తో మొదలవుతుంది, హెచ్‌ఎం గారిని, అంటే ప్రధానోపాధ్యాయుల్ని అడిగితే ఇస్తారు. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో ఆ కోడ్ కొడితే మీ బడి వివరాలు వస్తాయి. భవనం పక్కాయా, సగం పక్కాయా, కచ్చాయా, గదులెన్ని, వాటిలో చిన్న మరమ్మతు కావలసినవెన్ని, పెద్ద మరమ్మతు కావలసినవెన్ని అన్నది ఒక్కొక్కటీ హెచ్‌ఎం గారితో కలిసి చూసుకోండి. ఈ లెక్కకు సెప్టెంబర్ 30 ఆధార తేదీ. అంటే దసరా సెలవుల హడావిడిలో పడేలోపు కూర్చుని తప్పులు దిద్దించాలి, మండలం నుంచి వివరాలు పైకి వెళ్లిపోయాక మళ్లీ ఏడాది ఆగాలి. హెచ్‌ఎంను తప్పుపట్టే గొంతుతో మాత్రం వెళ్లకండి. మేమూ సంతకం పెడతాం మేడమ్, ఉన్నది ఉన్నట్టు రాద్దాం అంటే ఆవిడకూ ధైర్యంగా ఉంటుంది.

రెండోది ఇంజినీరు కాగితం. షెడ్డు పనికిరాదని మనం అంటే చాలదు, బడులకు కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గానీ పంచాయతీరాజ్ ఏఈ గానీ వచ్చి చూసి రాసివ్వాలి. ఆయన వచ్చిన రోజు కమిటీవాళ్లు అక్కడే ఉండండి. ఎందుకంటే 'మరమ్మతు చేస్తే సరిపోతుంది' అన్న ఒక్క వాక్యం పడితే మీ పని బడి గ్రాంటుకు పోతుంది. సమగ్ర శిక్ష కింద వచ్చే ఆ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 30 మంది లోపు బడికి 10,000 రూపాయలు, 100 లోపుకు 25,000, 250 లోపుకు 50,000. సుద్దముక్కల నుంచి సున్నం దాకా అన్నీ అందులోంచే, దాంతో గది లేవదు. తుప్పుపట్టిన ట్రస్సులు, వంగిన పైపులు, చెదలు పట్టిన దూలాలు, వాననీళ్లు నిలిచే నేల అన్నీ దగ్గరుండి చూపించండి, తేదీ కనపడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. వాన పడుతున్నప్పుడు తీసిన ఫోటో ఒక్కటి ఉంటే ఆఫీసులో పది నిమిషాల వాదన తప్పుతుంది.

మూడోది స్థలం. చాలా ఊళ్లలో పనులు ఆగేది ఇక్కడే. తాతల కాలంలో ఎవరో పెద్దమనిషి నోటిమాటగా ఇచ్చిన జాగాలో బడి ఉంటుంది, రికార్డులో ఇంకా వాళ్ల పేరే ఉంటుంది, వారసులు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. గదులు మంజూరయ్యాక ఈ సంగతి బయటపడితే డబ్బు వేరే ఊరికి పోతుంది. ముందే భూమి ఎవరి పేరున ఉందో చెప్పే అడంగల్, కొలతల పటమైన ఎఫ్‌ఎంబీ తీయించి, సర్వేయరుతో హద్దులు కొలిపించి, అవసరమైతే ఆ కుటుంబాన్ని మర్యాదగా అడిగి దానపత్రం రిజిస్టర్ చేయించుకోండి. దాత పేరు గది మీద రాయిస్తామంటే మా అనుభవంలో ఎవరూ కాదనలేదు.

ఇవి చేతిలో పడ్డాక కమిటీ తీర్మానం. విద్యాహక్కు చట్టం 2009లో 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది బడి కమిటీయే, ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం. ఈ మాట చాలామంది కమిటీ సభ్యులకు తెలియదు, సంతకం పెట్టి టీ తాగి రావడమే తమ పని అనుకుంటారు. అదే చట్టం షెడ్యూల్‌లో అన్ని కాలాలకూ పనికొచ్చే భవనం ఉండాలని, టీచరుకొక గది చొప్పున ఉండాలని, ఆఫీసు, స్టోరు, హెచ్‌ఎం కలిపి మరో గది ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. ఎండకు కాలి, వానకు కారే షెడ్డు అన్ని కాలాలకూ పనికొచ్చే భవనం కాదు. తీర్మానం ఇలా రాసుకోవచ్చు:

'మా పాఠశాలలో ఇంతమంది పిల్లలు, ఇంతమంది ఉపాధ్యాయులు ఉన్నారు. పక్కా గదులు ఇన్ని మాత్రమే. ఫలానా తరగతులు ఫలానా సంవత్సరం నుంచి రేకుల షెడ్డులో నడుస్తున్నాయి. ఆ షెడ్డు తరగతులకు పనికిరాదని ఏఈ గారు ఫలానా తేదీన ధ్రువీకరించారు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం మాకు ఇన్ని గదులు తక్కువ. స్థలం పాఠశాల పేరున ఉంది, సర్వే నంబరు ఇది. ఈ గదులను వచ్చే సంవత్సరం ప్రణాళికలో చేర్చాలని కోరుతున్నాం.'

అంతే, పొగడ్తలు, వేడికోళ్లు అక్కర్లేదు. ఏఈ కాగితం, స్థలం కాగితం, ఫోటోలు జతచేసి మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో ఒకటి, సమగ్ర శిక్ష జిల్లా ఆఫీసులో ఒకటి ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. డిసెంబరులోపే ఇవ్వండి, వచ్చే ఆర్థిక సంవత్సరపు ప్రణాళిక తయారయ్యేది ఆ రోజుల్లోనే.

ఇక డబ్బు ఎక్కడిది అంటే, పెద్ద దారి సమగ్ర శిక్ష. మన రాష్ట్రానికి అందులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. రాష్ట్రం సొంతంగా 2019 నవంబర్ 14న మొదలుపెట్టిన నాడు-నేడు అనే బడుల బాగు పథకం తొలి విడతలో 15,715 బడులు తీసుకున్నారు, అదనపు గదులు ఎక్కువగా రెండో విడతలో వచ్చాయి, వాటిలో చాలా పిల్లర్ల దగ్గరో శ్లాబు దగ్గరో ఆగిపోయాయి. ఇప్పుడు దాని పేరు మన బడి మన భవిష్యత్తు. మీ ఆవరణలో అలాంటి మొండి గోడలుంటే కొత్త గది అడగకండి, అది పూర్తి చేయమని అడగండి. ఎంత పని అయిందో ఇంజినీర్లు కొలతలు రాసే ఎం-బుక్‌లో ఉంటుంది, మిగిలినదానికి ఎస్టిమేట్ వేయించండి, బయటకు కనపడే ఇనుము తుప్పుపట్టిపోతోందని రాయండి.

మాంగనీసు గనులున్న గరివిడి, చీపురుపల్లి వైపువాళ్లు, గ్రానైట్ క్వారీలున్న టెక్కలి వైపువాళ్లు జిల్లా ఖనిజ నిధిని మరచిపోకండి. గనుల వల్ల నష్టపడే ఊళ్ల కోసమే ఆ నిధి, విద్య అందులో ప్రాధాన్య రంగం. మన దగ్గర ఈ దారిలో అడిగేవాళ్లు తక్కువ. ఎంపీ గారికి నియోజకవర్గ పనుల కోసం ఏడాదికి 5 కోట్ల ఎంపీ ల్యాడ్స్ నిధులు ఉంటాయి, అందులో 15 శాతం ఎస్సీ ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకు ఇవ్వాలని మార్గదర్శకాలు చెబుతాయి, కాబట్టి మీ బడి ఎస్సీ కాలనీలో ఉంటే ఆ మాట అర్జీలో మొదటి వరసలోనే రాయండి. పైడిభీమవరం చుట్టుపక్కల ఊళ్లు కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సీఎస్ఆర్ డబ్బు అడగవచ్చు, అయితే నేరుగా కాకుండా కలెక్టర్ గారి ద్వారా అడిగితే పని నిలబడుతుంది. గిరిజన సంక్షేమ శాఖ బడి అయితే దారి వేరు, వాళ్ల ఇంజినీరింగ్ విభాగం దగ్గరే మొదలుపెట్టాలి.

అర్జీ ఇచ్చాక నెలకోసారి వెళ్లి ఫైలు ఎక్కడుందో కనుక్కోండి. మా వైపు ఒక చిక్కు ఉంది: రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారాయి. మా పాత ఎస్టిమేట్ ఏ ఆఫీసులో ఉందో చెప్పేవాళ్లే లేకపోయారు, మళ్లీ మొదటి నుంచి వేయించాల్సి వచ్చింది, ఒక ఏడాది పోయింది. పాత కాగితాల కాపీలు మీ దగ్గర ఉంచుకోండి. కదలిక లేకపోతే సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇవ్వండి, అదీ కాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, జిల్లాకు 10, జవాబుకు గడువు 30 రోజులు. 'మా బడి ప్రతిపాదన మీద ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు' అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

మంజూరయ్యాక ఎస్టిమేట్ కాపీ కమిటీ దగ్గర ఉండాలి. చక్రాల కుర్చీ ఎక్కేలా ర్యాంపు అందులో ఉందా చూడండి, 1:12 వాలు, అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. శ్లాబు వేసిన తర్వాత నీళ్లు కట్టే పని కూలీల మీద వదిలేయకండి, మా ఊళ్లో తల్లులే వంతులు వేసుకుని పొద్దున, సాయంత్రం తడిపారు. పని జరిగినన్నాళ్లూ తరగతులు రామమందిరం అరుగు మీద పెట్టాం.

గదుల్లోకి పిల్లలు మారిన వెంటనే పాత షెడ్డును అనుమతి తీసుకుని తీయించేయండి, ఆ ఏడాది సెప్టెంబరులో రికార్డులోంచి కూడా తీయించండి. సామాను పెట్టుకుందామని ఉంచితే, పిల్లలు పెరిగిన ఏడాది మళ్లీ అందులోనే ఒక తరగతి కూర్చోబెడతారు.