మన ఎండల్లో మౌంజారో పెన్ను: వాడే పద్ధతి, దాచే పద్ధతి

ఆకలి తగ్గించి బరువు తగ్గించే ఇంజెక్షన్లలో మౌంజారో, వెగోవీ రెండూ 2025లో మన దేశంలోకి వచ్చాయి. మౌంజారోలో ఉండేది టిర్జెపటైడ్, వెగోవీలో సెమాగ్లుటైడ్. ఇక్కడ చెప్పేది మౌంజారో క్విక్‌పెన్ గురించి, అంటే వారానికొకటి చొప్పున నాలుగు డోసులుండే పెన్ను. డాక్టర్ చీటీ లేకుండా తెలిసినవాళ్ళ పెన్నుతో మొదలుపెట్టొద్దు. మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ మీకుగానీ ఇంట్లోవాళ్ళకుగానీ వచ్చినా, ప్యాంక్రియాస్ (క్లోమం) వాపు వచ్చి తగ్గినా, పిత్తాశయంలో రాళ్ళున్నా ముందే చెప్పాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్ళు వాడకూడదు. షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్‌గానీ ఇన్సులిన్‌గానీ వాడుతుంటే వాటి డోసు తగ్గించాల్సి రావచ్చు, లేకపోతే షుగర్ పడిపోతుంది.

మొదటి నాలుగు వారాలు వారానికి 2.5 మిల్లీగ్రాములు. ఇది బరువు తగ్గించే డోసు కాదు, కడుపుకు అలవాటు చేసే డోసు. తర్వాత 5. ఆపైన పెంచాలంటే కనీసం నాలుగు వారాలాగి 2.5 చొప్పున. "నెల అయింది, కిలో కూడా తగ్గలేదు" అని తొందరపడి పెంచినవాళ్ళే వాంతులతో ఆస్పత్రికి పరిగెడతారు. 5తోనే తగ్గుతుంటే అక్కడే ఉండొచ్చు.

ప్రతిసారీ కొత్త సూది పెట్టండి. పెన్ను వెనక తిప్పే నాబ్‌ను రెండు క్లిక్కులు తిప్పి, సూదిని పైకి పెట్టి, పెన్ను మీది చిన్న కిటికీలో సున్నా వచ్చేదాకా నొక్కి ఐదు లెక్కపెట్టండి. సూది కొసన మందు చుక్క కనపడాలి. కనపడకపోతే మళ్ళీ చేయండి. తర్వాత నాబ్ ఆగి, 1 కనపడేదాకా తిప్పండి. బొడ్డుకు రెండు అంగుళాల దూరంలోగానీ తొడ మీదగానీ నిలువుగా గుచ్చి నొక్కండి. సున్నా వచ్చాక కూడా మెల్లగా ఐదు లెక్కపెట్టే తీయాలి. తొందరగా తీస్తే మందు చర్మం మీదికి కారిపోతుంది. తీశాక సూది విప్పి సూదులు పారేసే గట్టి డబ్బాలో వేయండి, పెన్నుకే ఉంచితే గాలి చేరుతుంది. చోటు వారం వారం మార్చండి. నాలుగు డోసులయ్యాక లోపల మందు మిగిలినట్టు కనిపించినా పెన్ను పారేయాల్సిందే. వారం మర్చిపోతే నాలుగు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోండి, దాటితే ఆ వారం వదిలేయండి.

మన దగ్గర ఎక్కువగా పాడయ్యేది దాచడంలోనే. మందుకు 30 డిగ్రీలు దాటకూడదు. ఒంగోలు, నెల్లూరు ఇళ్ళలో మేలో గదే అంతకంటే వేడెక్కుతుంది, కాబట్టి వాడుతున్న పెన్ను కూడా ఫ్రిజ్‌లోనే, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ కింది ట్రే వద్దు, అక్కడ గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగాక మామూలుగానే కనిపిస్తుంది, అయినా వాడకూడదు. కావలి నుంచి చెన్నైకి బస్సులో వెళ్ళేటప్పుడు ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి, పెన్ను ఐస్‌కు తగలకుండా పెట్టుకోండి.

ఇక ఒంటి సంగతి. ఆకలితో పాటు దాహం కూడా తగ్గినట్టు అనిపిస్తుంది. దానికి తోడు వాంతులు, విరేచనాలు, బయట ఎండ. నీళ్ళు తగ్గి కిడ్నీలు దెబ్బతినేది ఇలాగే. ఉప్పేసిన పలచటి మజ్జిగ, ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగుతూ ఉండండి (బీపీ, కిడ్నీ జబ్బు ఉంటే ఉప్పు సంగతి డాక్టర్‌ను అడిగి). మూత్రం ముదురు రంగులోకి తిరిగితే ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. అన్నం తగ్గినా చేప ముక్క, గుడ్డు, పప్పు తగ్గకూడదు, లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. పులుసులో తేలే నూనె పక్కకు తీసి తినండి, నూనె వికారం పెంచుతుంది.

పొట్ట పైభాగంలో ఆగని నొప్పి వీపులోకి పాకితే తర్వాతి డోసు ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కు ఈ సూది సంగతి ముందే చెప్పండి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళు మొదలుపెట్టినప్పుడూ, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు కండోమ్ కూడా వాడాలి.