గాయానికి పాలిమర్ స్కాఫోల్డ్ – 4వ పాఠం: కరిగిపోయిన స్పాంజి, ఎర్రబడిన పసుపు

ఈసారి తేనె, కలబంద మొదలుపెట్టాల్సింది. వాటిని వచ్చే పాఠానికి జరిపాను. పోయిన పాఠం చూసి కైటోసాన్ (రొయ్య పెంకుల లాంటి వాటి నుంచి తీసే పాలిమర్) స్పాంజిని స్కాఫోల్డ్‌గా, అంటే గాయంలో కొత్త కణాలు పెరగడానికి ఆసరాగా చేసినవాళ్ళు చాలామంది రెండు చోట్ల ఆగిపోయారు. గుంటూరు నుంచి రాసిన ఎం.ఫార్మసీ అమ్మాయి స్పాంజి పీబీఎస్‌లో (ఒంట్లోని ద్రవాల్ని పోలిన ఫాస్ఫేట్ ఉప్పునీళ్ళు) వేయగానే ఉబ్బిందట, పావుగంటకి జిగురై పోయిందట. విజయవాడ అబ్బాయిది కరగలేదు గానీ, కర్కుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం, ఇక్కడ మన మందు) పట్టించగానే ఎర్రబడి, తర్వాత గోధుమరంగుకు తిరిగింది. రెండింటికీ మూలం క్షారమే. ఒకరు స్పాంజిని క్షారంలో ముంచలేదు, ఇంకొకరు ముంచాక సరిగ్గా కడగలేదు.

ముందు కరిగిన సంగతి. కైటోసాన్ మామూలు నీళ్ళలో కరగదు కాబట్టే 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కలిపాం. ఆ ఆమ్లంతో అది ఉప్పుగా మారి కరిగింది. ఫ్రీజ్ డ్రయర్‌లో (గడ్డకట్టినదాన్ని అలాగే ఆరబెట్టే యంత్రం) మంచు పోయింది గానీ ఆ ఉప్పు అలాగే ఉంది. అంటే చేతిలో ఉన్న తెల్లటి స్పాంజి కైటోసాన్ ఎసిటేట్. నీళ్ళు తగిలితే కరగడం దాని స్వభావం. దాన్ని మళ్ళీ కైటోసాన్‌గా మార్చేది సోడియం హైడ్రాక్సైడ్.

ఎంత కావాలో లెక్క వేసుకోండి. ఒక స్పాంజికి 10 మి.లీ. ద్రావణం పోశాం. అందులోని ఆమ్లం అంతా మిగిలిందనుకున్నా సుమారు 1.75 మిల్లీమోల్. దానికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 18 మి.లీ. సరిపోతుంది. నేను 50 మి.లీ. పోస్తాను. ఉత్త నీళ్ళలో కాకుండా నీళ్ళు, ఇథనాల్ కలిపిన దాంట్లో చేస్తాను, స్పాంజి అంచులు అంతగా ముడుచుకోవు. అరగంట చాలు. చేతులకు గ్లవుజులు, కళ్ళకు అద్దాలు ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇక కడగడం. నాకు చిరాకు తెప్పించేది ఇదే, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతున్నాను. రెండుసార్లు నీళ్ళు మార్చి, పైనున్న నీళ్ళలో పీహెచ్ కాగితం ముంచి, "ఏడు వచ్చింది సార్" అంటారు. ఆ ఏడు బయటి నీళ్ళది. స్పాంజి లోపలి రంధ్రాల్లో నిలిచిన క్షారం అంత తొందరగా బయటికి రాదు. పైగా డిస్టిల్డ్ వాటర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని తానే కాస్త ఆమ్లంగా ఉంటుంది, అది చూపించే అంకెను నమ్ముకుంటే మోసపోతాం. స్పాంజిని కొత్త నీళ్ళలో రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే బ్లేడుతో ఒక మూల కోయండి. కోసిన లోపలి ముఖం మీద కర్కుమిన్ కలిపిన ఇథనాల్ ఒక్క చుక్క వేయండి. పసుపుగా ఉంటే సరే. నారింజకో ఎరుపుకో తిరిగితే ఇంకా కడగాలి. కర్కుమిన్ పీహెచ్ 7.4 దగ్గర రంగు మారడం మొదలుపెట్టి 8.6 దాటేసరికి ఎర్రబడుతుంది. మన ఇళ్ళలో దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎలా చేస్తారో తెలుసుగా, పసుపులో సున్నం కలిపి. విజయవాడ అబ్బాయి స్పాంజిలో జరిగింది అక్షరాలా అదే రసాయన చర్య. సున్నం బదులు సోడియం హైడ్రాక్సైడ్, అంతే తేడా.

రంగు మారితే మారింది, మందు పనిచేస్తుంది కదా అని అడిగారు. పనిచేయదు. క్షారంలో కర్కుమిన్ అణువు విరిగిపోతుంది. సీరం లేని ఫాస్ఫేట్ బఫర్‌లో, పీహెచ్ 7.2, 37 డిగ్రీల దగ్గరే అరగంటలో దాదాపు 90 శాతం పాడవుతుంది. ఇక గట్టి క్షారం సంగతి చెప్పాలా?

కాబట్టి వరుస ఇది: స్పాంజి, క్షారం, కడగడం, మళ్ళీ మైనస్ 20లో గడ్డకట్టించి ఫ్రీజ్ డ్రై, ఆ తర్వాతే కర్కుమిన్. మిల్లీలీటరు ఇథనాల్‌కు 1 మి.గ్రా. చొప్పున కరిగించి, ఆరిన స్పాంజి మీద చుక్కలుగా వేయాలి. పొడి స్పాంజి ఇథనాల్‌ను ఇట్టే పీల్చుకుంటుంది. చీకట్లో ఆరనివ్వండి, రేకు చుట్టి డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్ర) దాచండి. క్షారం గొడవ లేకుండా గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో క్రాస్‌లింక్ చేయొచ్చంటారు, అంటే పాలిమర్ గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేయడం. మిగిలిపోయిన గ్లూటరాల్డిహైడ్ కణాలకు విషం, చర్మం మీద పెట్టే వస్తువుకి నేను దాన్ని దగ్గరికి రానివ్వను. అదే పని చేసే జెనిపిన్ మంచిదే గానీ ఖరీదు, పైగా కైటోసాన్‌ను నీలంగా మారుస్తుంది. అప్పుడు ఈ రంగు పరీక్ష పనికిరాదు.

దుగ్గిరాల పసుపు నేరుగా కలపొచ్చా అని మూడొంతుల ఉత్తరాల్లో ఉంది. వద్దు. కొమ్ము పొడిలో కర్కుమిన్ ఎన్నో వంతు? సాధారణంగా 2 నుంచి 5 శాతం. మిగతాదాంట్లో ఎక్కువ పిండి పదార్థం. అది రంధ్రాల్ని పూడుస్తుంది. పైగా నేలలో పెరిగిన దుంప కాబట్టి బ్యాక్టీరియా స్పోర్‌లు ఉంటాయి, ఇథనాల్‌కు అవి చావవు. గాయానికి పసుపు వాడటం మనవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. 1995లో అమెరికాలో దానికి పేటెంట్ ఇస్తే, మన దేశ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పాత ఆధారాలు చూపించి 1997లో రద్దు చేయించింది. ఆ జ్ఞానం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఎంత మందు వేశామో లెక్క చెప్పలేని స్పాంజితో ప్రయోగం చేయలేం.

విడుదల పరీక్ష, అంటే స్పాంజిలోంచి మందు ఎంత బయటికి వస్తుందో కొలవడం గురించి ఒక్క మాట. ఉత్త పీబీఎస్‌లో కర్కుమిన్ కరగదు, కరిగింది పాడవుతుంది. రీడింగ్ తగ్గితే విడుదల ఆగిందనుకోకండి. కర్కుమిన్‌ను నీళ్ళలో కరిగించి ఉంచే సబ్బులాంటి పదార్థం ట్వీన్ 80ని 0.5 శాతం కలపండి. స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన మోతాదులకు వచ్చే రీడింగుల గీత) కూడా అదే ద్రావణంతో గీయండి.

ఇంకొకటి: ఫ్రీజ్ డ్రయర్ నడుస్తుండగా కరెంటు పోతే, మంచు కరిగి స్పాంజి అట్టలా కుంగిపోతుంది. మన ఎండల్లో అది మరీ తొందరగా జరుగుతుంది. జనరేటర్ లైనులో పెట్టించుకోండి.

అభ్యాసం: ఒకే ద్రావణంతో నాలుగు స్పాంజిలు చేయండి. ఒకటి క్షారం తగలనిది, ఒకటి క్షారం పెట్టి కడగనిది, ఒకటి ఒక్కసారే కడిగినది, ఒకటి రాత్రంతా కడిగినది. నాలుగింటికీ ఒకే మోతాదు కర్కుమిన్. ట్వీన్ కలిపిన పీబీఎస్‌లో, 37 డిగ్రీల దగ్గర, 1, 2, 4, 8, 24, 48, 72 గంటలకు 425 నానోమీటర్ల కాంతిని ద్రావణం ఎంత పీల్చుకుంటుందో రీడింగ్ తీయండి. తీసినంత కొత్త ద్రావణం దాని స్థానంలో పోయండి, ఆ పలచబడటాన్ని లెక్కలో సరిచేయండి. మొదటిది మధ్యలోనే కరిగిపోతుంది. ఎంతసేపటికి కరిగిందో రాసుకోండి. స్పాంజిలు ల్యాబ్ దాటి బయటికి పోకూడదు, ఎవరి గాయం మీదా పెట్టకూడదు. ఎలుకల దాకా వెళ్ళాలన్నా ముందు కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. మీ రీడింగులతో పాటు నాలుగు స్పాంజిలను కోసిన ముఖాల ఫొటోలు కూడా పంపండి, తెల్ల కాగితం మీద పెట్టి, పగటి వెలుతురులో తీసినవి.