ఓట్లయ్యాక పిలకాయల్ని ఒక దగ్గరికి చేర్చడం ఎట్లా

నేను నాలుగు ఎన్నికల్లో బూత్ ఏజెంటుగా కూర్చున్నా. ఏ పార్టీకో చెప్పను, చెబితే సగం మంది ఇక్కడే చదవడం ఆపేస్తారు. మాది టంగుటూరుకీ కొండపికీ నడుమ పొగాకు పండించే ఊరు. అవతలి పార్టీ ఏజెంటు మా అక్క మొగుడే. మా ఇద్దరికీ ఏనాడూ గొడవ లేదు. గొడవంతా మా పిలకాయలకి.

మావాడూ మా మేనల్లుడూ హైదరాబాదులో ఒకే రూములో ఉండి కోచింగ్ తీసుకునేవాళ్లు. 2024 మే 13న ఓటెయ్యడానికి ఒకే కారులో, అద్దంకి రోడ్డు మీదుగా వచ్చారు. ఫలితాలొచ్చిన జూన్ 4 రాత్రి టపాసుల దగ్గర మాటామాటా పెరిగింది. తెల్లారేసరికి వాలీబాల్ నెట్టు రెండు ముక్కలు. కొడవలి పెట్టి కోశారు. ఎవరు కోశారో ఇప్పటికీ తేలలేదు, నేనూ తేల్చలేదు.

ముందు నేను చేసిన తప్పు చెప్తా, మీరు చెయ్యకుండా. మూడోరోజే రామాలయం అరుగు మీద పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఇద్దరి చేతా చేతులు కలిపించా. ఇరవై మంది చూస్తుండగా తలొంచిన కుర్రాడు ఇంటికెళ్లి ఇంకా ఘాటుగా స్టేటస్ పెడతాడు. పెట్టారు కూడా. కాబట్టి ఓ పదిహేను రోజులు ఆగండి. ఓడినవాడికి ఉక్రోషం తీరాలి, గెలిచినవాడికి మత్తు దిగాలి. ఈలోపు భోజనాల దగ్గర టీవీ కట్టేయండి. మన ఛానలూ వాళ్ల ఛానలూ రెండూ.

ఆ తర్వాత మాటలతో మొదలుపెట్టొద్దు, పనితో మొదలుపెట్టండి. అదీ ఒక్కడి వల్ల కాని పనై ఉండాలి. జూన్‌లో మాకు పొగాకు వేలాలు నడుస్తుంటాయి. గోనెపట్టా చుట్టిన పొగాకు బేలు ఒక్కడు ఎత్తలేడు. తెల్లారుజామున నాలుగింటికి మా బావ బేళ్లూ నా బేళ్లూ ఒకే ట్రాక్టరుకి ఎత్తాలని పెట్టి, కూలీల్ని పిలవలేదు. అటు మావాడు, ఇటు వాడు. మొదటి మూడు బేళ్లకు ఒక్క మాట లేదు. నాలుగోది ఎత్తేటప్పుడు మావాడి వైపు పట్టా చిరిగి బేలు ఒరిగింది. "ఒరేయ్ ఆగరా, కాలు తియ్!" అన్నాడు మేనల్లుడు. రెండు వారాల్లో వాళ్ల మధ్య నడిచిన మొదటి మాట అది. పొగాకు వేలం ప్లాట్‌ఫారం దగ్గర టీ తాగేటప్పుడు ఎవరు డబ్బులివ్వాలని కొట్టుకున్నారు. అక్కడికి సగం పని అయినట్టే. మీది చేపల చెరువైతే వల లాగించండి, ఆక్వా లేకపోతే పెళ్లి పందిరి. పనికేం కరువు.

అప్పుడు లెక్కలు తీయండి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో ఫారం 20 ఉంటుంది. నియోజకవర్గం ఎంచుకుంటే ఏ బూతులో ఏ అభ్యర్థికి ఎన్ని పడ్డాయో వరసగా కనిపిస్తుంది. మీ బూతు నంబరు ఓటరు స్లిప్పు మీద చూసుకోండి. ఇద్దరినీ ఒకే ఫోను ముందు కూర్చోబెట్టి చదివించండి. ఊరంతా మావైపే అనుకునేవాడికి అవతలి అంకె చూడగానే నోరు పడిపోతుంది. ఆ అంకెలో ఉన్నది వాడికి పాలు పోసే ఆమె, వాడికి లెక్కలు చెప్పిన మాస్టారు. అయితే ఎవరెవరు వేసుంటారని పేర్లు లెక్కపెట్టడం మొదలైతే మాత్రం వెంటనే ఫోను లాక్కోండి. దానికంటే పాడు పని లేదు.

రాష్ట్రం లెక్క కూడా చూపించండి. 2019లో ఓడిన తెలుగుదేశానికి 23 సీట్లు, ఓట్లు నూటికి 39. 2024లో ఓడిన వైసీపీకి 11 సీట్లు, ఓట్లు మళ్లీ నూటికి 39. నెల్లూరు పాత జిల్లాలో ఉన్న పది సీట్లూ 2019లో ఒకరికి, 2024లో రెండోవాళ్లకి. సీట్లు తిరగబడ్డంత సులువుగా జనం మాయమైపోరు. దేశమంతా మా మాటే అనేవాడికి కూడా ఒక అంకె ఉంది: 2024లో 240 సీట్లొచ్చిన బీజేపీకి ఓట్లు నూటికి 37 లోపే. దాన్ని చూపించి మరీ ఆ "దేశద్రోహి" అనే మాట ఇంట్లో నిషేధించా. దాంతోపాటు కులం పేరు పెట్టి తిట్టడం కూడా. మావైపు పార్టీ గొడవ అంటే సగం కులం గొడవే, దాచుకోవడం ఎందుకు.

మా ఏజెంట్ల సంగతి వాళ్లకు చెప్పా. పొద్దున ఐదున్నరకి మాక్ పోల్, అంటే మిషన్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే ఉత్తుత్తి పోలింగ్. కనీసం యాభై ఓట్లు వెయ్యాలి. నేనూ బావా వంతులేసుకుని నొక్కి, వీవీప్యాట్ స్లిప్పులు లెక్కపెట్టి, మిషన్ ఖాళీ చేయించి, సీలు మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. నా సంతకం పక్కన బావ సంతకం లేకపోతే నాకూ నమ్మకం ఉండదు. మధ్యాహ్నం మా అక్క పంపిన పులిహోర ఇద్దరం ఒకే బల్ల మీద తిన్నాం. ఓటర్ల జాబితాలో ఒక పేరు దగ్గర గట్టిగా అరుచుకున్నాం కూడా. మేనల్లుడు విని, "మరి మాకెందుకు చెప్పలేదు మావయ్యా?" అన్నాడు. నిజమే, బయటికి రాగానే ఎవరి గుంపులోకి వాళ్లం వెళ్లి పెద్ద పోటుగాళ్లలా నిలబడతాం. ఆ తప్పు మాదే.

వాదించుకోనివ్వండి, వాదం మాన్పించొద్దు. ప్రశ్న మాత్రం మీరివ్వండి. ఎవరు దొంగ అని కాదు, మా జిల్లాకి సొరంగాల్లోంచి నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు ఎప్పుడొస్తాయి అని. శంకుస్థాపన 1996లో. 2024 మార్చిలో సొరంగాలు జాతికి అంకితం చేశారు, పడమటి మండలాలకు నీళ్లు మాత్రం రాలేదు. ఆ రోజు ఇద్దరూ చెరో ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చి, గంట తర్వాత ఇద్దరూ కలిసి నామీద పడ్డారు. "మీ తరమంతా ఏం చేశారు?" అని. నా దగ్గర జవాబు లేదు.

ఆఖరి పని ఫారం 6, కొత్తగా ఓటు నమోదు చేసుకునే దరఖాస్తు. పదిహేడు నిండినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏ నాటికి పద్దెనిమిది నిండితే అప్పుడు ఓటు చేరుస్తారు. ఇద్దరినీ కలిపి వీధులెంట పంపించా. ఒక్కడే వెళితే మనోళ్ల పేర్లే రాస్తాడు.

నెట్టు కొత్తది కొన్నాం, సగం డబ్బు నాది, సగం బావది. ఇద్దరూ రెండు వైపులా ఉంటారు, ప్రతి సర్వీసుకీ లైను దాటిందా లేదా అని గొడవ. పంచాయతీ ఎన్నికలు వచ్చేలోపు లైనుకి సున్నం వెయ్యాలి.