లిటిల్ లీగ్ ఆల్‌స్టార్ టీమ్: అమెరికాలో మన పిల్లల పేరు ఎలా ఇవ్వాలి, ఏ కాగితాలు కావాలి

ప్రతి ఏడాదీ మే నెల వచ్చేసరికి వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న: "ఆల్‌స్టార్స్‌కి ఎక్కడ అప్లై చెయ్యాలి, లింక్ పంపండి." అలాంటి లింక్ ఏదీ లేదు. లిటిల్ లీగ్ అంటే పిల్లలకి బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఆడించే సంస్థ, అందులో ఆల్‌స్టార్ టీమ్ అంటే ఆ ఊరి లీగ్ తన సొంత పిల్లల్లోంచి ఎంచి టోర్నమెంటుకి పంపే జట్టు. వసంతకాలంలో జరిగే మామూలు సీజన్‌కి రిజిస్టర్ అయి, కావలసినన్ని మ్యాచ్‌లు ఆడిన పిల్లలనే అందులోకి తీసుకుంటారు. అంటే అసలు దరఖాస్తు జనవరిలోనో ఫిబ్రవరిలోనో అయిపోతుంది, జూన్‌లో మిగిలేది కాగితాలు చూపించడమే. మా వాడు మూడేళ్లుగా న్యూజెర్సీలో ఆడుతున్నాడు కాబట్టి నేను చెప్పేది లిటిల్ లీగ్ పద్ధతి. మీ ఊళ్లో ఉన్నది పోనీ బేస్‌బాల్ (PONY), కాల్ రిప్కెన్ లాంటి వేరే సంస్థ అయితే నియమాలు తేడాగా ఉంటాయి. డబ్బు కట్టి ఆడే ట్రావెల్ బాల్ క్లబ్బుల సంగతి పూర్తిగా వేరు, దీంతో కలపకండి.

ముందు మీ లీగ్ ఏదో తేల్చుకోండి

ప్రతి లీగ్‌కీ ఒక సరిహద్దు మ్యాప్ ఉంటుంది. మీ ఇల్లు ఆ గీతల లోపల ఉండాలి, లేదంటే పిల్లవాడు చదివే బడి ఉండాలి. లిటిల్ లీగ్ వెబ్‌సైట్లో లీగ్ ఫైండర్ ఉంది, అడ్రస్ కొడితే ఏ లీగో చెబుతుంది. పక్క ఊరి లీగ్‌లో కోచింగ్ బాగుందని, స్నేహితుడు అక్కడే ఆడుతున్నాడని అక్కడ చేర్పిస్తే మామూలు సీజన్ ఎవరూ పట్టించుకోక గడిచిపోవచ్చు కానీ ఆల్‌స్టార్స్ దగ్గరికి వచ్చేసరికి పేరు కొట్టేస్తారు, అప్పుడు ఏడ్చేది పిల్లవాడు. మధ్యలో ఇల్లు మారినవాళ్లు పాత లీగ్‌లోనే కొనసాగడానికి టూ-డి వేవర్ అని ఒక ఫారం ఉంది. ఇల్లు మారిన వెంటనే ఆ మాట ప్లేయర్ ఏజెంట్ చెవిన వెయ్యండి. ప్లేయర్ ఏజెంట్ అంటే సినిమాల్లోలా కాంట్రాక్టులు మాట్లాడే మనిషి కాదు, పిల్లల రికార్డులు చూసే వాలంటీర్, చాలాసార్లు మీలాగే ఒక అమ్మో నాన్నో.

వయసు లెక్క కూడా ఇక్కడే చూసుకోండి. బేస్‌బాల్‌లో ఆ సంవత్సరం ఆగస్టు 31 నాటికి ఎంత వయసు ఉంటుందో అదే 'లీగ్ ఏజ్'. ఆగస్టు చివర్లో పుట్టిన పిల్లవాడు జూన్‌లో ఇంకా పదకొండేళ్లవాడే అయినా కాగితం మీద పన్నెండు, సెప్టెంబరు 1న పుట్టినవాడు దాదాపు ఏడాది పెద్దవాడైనా అదే పన్నెండు. అన్యాయంగా అనిపిస్తుంది కానీ ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదా. సాఫ్ట్‌బాల్‌కి వయసు పట్టిక వేరే, అన్నయ్యది చూసి చెల్లెలికి లెక్క వెయ్యకండి. మొత్తం మీద 8-10, 9-11, 10-12 అని జట్లు కడతారు, ఆపైన పెద్దపిల్లల విభాగాలు ఉన్నాయి. టీవీలో వచ్చే లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ 10-12 వాళ్లది. చిన్నపిల్లల రెండు జట్లూ రాష్ట్ర స్థాయితో ఆగిపోతాయి.

మూడు గ్రూపుల కాగితాలు, నేను చేసిన తప్పు

ఇల్లు సరిహద్దు లోపలే ఉందని నిరూపించడానికి మూడు కాగితాలు కావాలి, మూడు వేరువేరు గ్రూపుల నుంచి. మొదటి గ్రూపులో డ్రైవింగ్ లైసెన్స్, కారు రిజిస్ట్రేషన్, బడి రికార్డు, ఉద్యోగం కాగితాలు, ఇన్సూరెన్స్. రెండో గ్రూపులో ట్యాక్స్ రికార్డుల లాంటి ప్రభుత్వ కాగితాలు, ఇంటి దస్తావేజు లేదా అద్దె ఒప్పందం. మూడో గ్రూపులో కరెంటు, గ్యాస్, నీళ్లు, ఫోన్, ఇంటర్నెట్ బిల్లులు, బ్యాంకు అప్పు కాగితాలు, వైద్య రికార్డులు, ఓటరు నమోదు. ఒకే గ్రూపు నుంచి మూడు ఇస్తే ఒక్కటిగానే లెక్క.

ఆ చివరి వాక్యం నేను చదవలేదు. మొదటి ఏడాది కరెంటు బిల్లు, గ్యాస్ బిల్లు, ఇంటర్నెట్ బిల్లు నీటుగా ప్రింట్ తీసి, పిన్ను కొట్టి, చాలా గర్వంగా తీసుకెళ్లి ఇచ్చాను. ప్లేయర్ ఏజెంట్ ఆవిడ మూడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, పెన్సిల్‌తో మూడింటి మీదా "3" అని రాసి, నవ్వుతూ వెనక్కి ఇచ్చింది. పైగా వాటిలో ఒకటి ఆ ఏడాది మార్చి నెలది. తేదీల సంగతి ఇది: కాగితం మీద తేదీ పోయిన సంవత్సరం ఫిబ్రవరి 1కీ ఈ సంవత్సరం ఫిబ్రవరి 1కీ మధ్య ఉండాలి, లేదా ఆ మధ్యకాలంలో అది చెల్లుబాటులో ఉండాలి. అందుకే మూడేళ్ల కిందట తీసుకున్న లైసెన్స్ గడువు తీరకుండా ఉంటే పనికొస్తుంది, నిన్న వచ్చిన తాజా బిల్లు మాత్రం పనికిరాదు. మనకి ఎక్కడైనా "లేటెస్ట్ బిల్లు తెండి" అనడం అలవాటు, ఇక్కడ పాతదే కావాలి. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని మా ఆయన పాత అద్దె ఒప్పందం కోసం మూడు ఈమెయిల్ ఖాతాలు తవ్వారు, చివరికి అది ప్రింటర్ కింద సొరుగులో దొరికింది.

కాబట్టి జనవరి చివర్లోనే ఒక ఫోల్డర్ తెరిచి ఆ మూడూ అందులో పడేయండి. పేరు తల్లిదండ్రుల్లో ఎవరిదైనా ఫరవాలేదు, అడ్రస్ మాత్రం అపార్ట్‌మెంట్ నంబరుతో సహా మూడింటి మీదా ఒకేలా ఉండేలా చూసుకోండి. బడి ఆధారంగా చేరిన పిల్లలకి ఈ తలనొప్పి లేదు, స్కూల్ ఎన్‌రోల్‌మెంట్ ఫారం అని ఒక పేజీ ఉంటుంది, దాని మీద బడివాళ్ల సంతకం చాలు. అయితే వేసవి సెలవులు మొదలయ్యాక బడి ఆఫీసులో మనిషి దొరకడం కష్టం, ఏప్రిల్‌లోనే చేయించుకోండి.

పుట్టిన తేదీ రుజువు

అమెరికాలో పుట్టిన పిల్లలకి రాష్ట్రం ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్ చాలు, ఆసుపత్రివాళ్లు పాదముద్రలు వేసి ఇచ్చే అందమైన కాగితం చెల్లదు. ఇండియాలో పుట్టి ఇక్కడికి వచ్చిన పిల్లల విషయంలో మాత్రం కాస్త ముందుగా మేలుకోవాలి. మన దగ్గర చాలా బర్త్ సర్టిఫికెట్లలో పిల్లల పేరు గడి ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే ఆసుపత్రి నుంచి వివరాలు మున్సిపాలిటీకి వెళ్లేనాటికి బారసాల అవ్వదు, పేరు పెట్టరు. ఇంకొన్నిటిలో తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంటుంది, పాస్‌పోర్టులో అత్తింటిది. పేరు చేర్పించడానికి, తప్పులు దిద్దించడానికి పుట్టుక నమోదైన మున్సిపాలిటీకి గానీ పంచాయతీకి గానీ దరఖాస్తు పెట్టాలి, తెలుగు రాష్ట్రాల్లో మీసేవ ద్వారా వెళ్లొచ్చు, అక్కడ ఉన్న తాతయ్యనో బాబాయినో పంపాల్సి వస్తుంది. వారంలో అయ్యే పని అనుకోకండి. ఆ సర్టిఫికెట్‌తో పాటు పిల్లవాడి పాస్‌పోర్టు కూడా పట్టుకెళ్లి రిజిస్ట్రేషన్ రోజునే ప్లేయర్ ఏజెంట్‌కి చూపించి, ఇది సరిపోతుందా, ఇంకేమన్నా కావాలా అని అడిగెయ్యండి. జూన్‌లో అడిగితే ఆ సమాధానంతో చేసేదేమీ ఉండదు.

ఇండియా టికెట్లు

మనవాళ్ల పిల్లలు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. మే నెలలో లీగ్ ఒక ఆసక్తి పత్రం పంపుతుంది, పిల్లవాడు జూన్ నుంచి జులై దాకా ఊళ్లోనే ఉంటాడా, ఏయే రోజులు ఉండడు అని. మనకి బడి మూసిన మర్నాడే ఫ్లైటు. పోయిన ఏడాది మా వీధిలో ఒకావిడ ఫోన్ చేసి, "వదినా, మావాడు సెలెక్ట్ అయ్యేలా ఉన్నాడట, కానీ జూన్ 24కి హైదరాబాద్ టికెట్లు తీసేశాం, ఫారంలో రాయకుండా ఉంటే ఏమవుతుంది?" అని అడిగింది. ఏమవుతుందంటే, జిల్లా మ్యాచ్‌లు సరిగ్గా అప్పుడే ఉంటాయి, కోచ్ ఒక పిచ్చర్‌ని (బంతులు వేసేవాడిని) నమ్ముకుని లెక్కలు వేసుకుంటాడు, మీరు ఎయిర్‌పోర్ట్ నుంచి మెసేజ్ పెడతారు, వచ్చే ఏడాది ఆ ఇంటి పిల్లవాడి పేరు వచ్చినప్పుడు అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఉన్నది ఉన్నట్టు రాయండి. నాలుగు రోజులు లేకపోయినా తీసుకునే కోచ్‌లు ఉన్నారు. ఆవిడ చివరికి నిజమే రాసింది, పిల్లవాడు జట్టులోకి రాలేదు, ఊళ్లో మేనమామ పెళ్లిలో మాత్రం తెగ ఎగిరాడట.

ఎవరు ఎంచుతారు

ఎంపిక పద్ధతి ఆ లీగ్ బోర్డు నిర్ణయిస్తుంది, అందుకే ఊరికో తీరు. కొన్నిచోట్ల పిల్లలే ఓట్లు వేస్తారు, మేనేజర్లు, కోచ్‌లు, అంపైర్లు, బోర్డు సభ్యులు వేరేగా వేస్తారు, అన్నీ కలిపి చూస్తారు. కొన్నిచోట్ల మేనేజర్లు ఒక గదిలో కూర్చుని పేర్లు తేలుస్తారు. కొన్నిచోట్ల విడిగా ట్రయౌట్ (ఆడించి చూసే పరీక్ష) పెడతారు. జట్టుకి మహా అయితే 14 మంది, ఒక మేనేజరు, ఇద్దరు కోచ్‌లు. ఆ మేనేజర్ కొడుకు జట్టులో ఉండటం మీరు ప్రతి ఊళ్లోనూ చూస్తారు, దీనికి అమెరికావాళ్లే 'డాడీ బాల్' అని పేరు పెట్టారు. ఫిర్యాదులో నిజం ఉంది, అయితే సాయంత్రం ఐదింటికి ఆఫీసు వదిలి వచ్చి నెలలకొద్దీ మట్టిలో నిలబడేది కూడా ఆ నాన్నలే. మీకు అంత బాధగా ఉంటే వాలంటీర్ దరఖాస్తు నింపండి. ఏటా బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు, ఆట రాకపోయినా స్కోరు రాయడానికో, పిచ్‌లు (వేసిన బంతులు) లెక్కపెట్టడానికో మనిషి ఎప్పుడూ కావాలి. మా ఆయన క్రికెట్ తప్ప ఏమీ తెలియని మనిషి, ఇప్పుడు క్లిక్కర్ పట్టుకుని కూర్చుంటారు.

పేర్లు బయటపెట్టడానికి, ప్రాక్టీసు మొదలుపెట్టడానికి ఫలానా తేదీ అని రూల్‌బుక్‌లో ఉంటుంది, అంతకుముందు ఎవరు చెప్పినా అది పుకారే.

పేరు వచ్చాక

లీగ్ వాళ్లు ఒక బైండర్ తయారు చేస్తారు. పిల్లవాడికి ఒక ప్లాస్టిక్ కవరు, అందులో వయసు రుజువు, మూడు చిరునామా కాగితాలు లేదా బడి ఫారం, తల్లిదండ్రులు సంతకం చేసిన మెడికల్ రిలీజ్ (దెబ్బ తగిలితే వైద్యం చేయించడానికి అనుమతి పత్రం). అన్నిటికన్నా ముందు పేజీలో ఎలిజిబిలిటీ అఫిడవిట్ (జట్టు పిల్లలందరికీ అర్హత ఉందని చెప్పే పత్రం), పక్కన సరిహద్దు మ్యాప్. అఫిడవిట్ మీద లీగ్ ప్రెసిడెంట్, ప్లేయర్ ఏజెంట్, మేనేజర్ సంతకాలు చేశాక డిస్ట్రిక్ట్ అడ్మినిస్ట్రేటర్ (చుట్టుపక్కల లీగ్‌లన్నిటినీ చూసే లిటిల్ లీగ్ మనిషి) చూసి ధ్రువీకరిస్తారు. ఆ బైండర్ ప్రతి మ్యాచ్‌కీ మైదానానికి వస్తుంది. మీ ట్యాక్స్ కాగితం అందులో పెడుతున్నారు కాబట్టి జీతం అంకెలు, సోషల్ సెక్యూరిటీ నంబరు నల్లగా కొట్టేసి ఇవ్వొచ్చా అని అడగండి, పేరూ అడ్రసూ తేదీ కనిపిస్తే మిగతాది ఎవరికీ అక్కర్లేదు.

ఇంత పట్టింపు ఎందుకంటే చేదు అనుభవాలు ఉన్నాయి. 1992లో ఫిలిప్పీన్స్‌లోని జాంబోవాంగా జట్టు గెలిచిన వరల్డ్ సిరీస్‌ని వెనక్కి తీసుకుని కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌కి ఇచ్చారు. 2001లో న్యూయార్క్ బ్రాంక్స్ జట్టులో అద్భుతంగా బంతులు వేసిన పిల్లవాడికి పన్నెండు కాదు పద్నాలుగేళ్లని తర్వాత తేలింది, ఆ జట్టు గెలుపులన్నీ చెరిపేశారు. 2014లో షికాగో జాకీ రాబిన్సన్ వెస్ట్ జట్టు అమెరికా ఛాంపియన్ అయింది, సరిహద్దు బయటి పిల్లలని ఆడించారని 2015 ఫిబ్రవరిలో ఆ టైటిల్ పోయింది. తప్పు చేసింది పెద్దవాళ్లు, పతకం పోయింది పిల్లలది.

ఇక ఆట. మొదట జిల్లా, తర్వాత మాలాంటి చోట సెక్షన్, ఆపైన రాష్ట్రం, రీజియన్, చివరికి పెన్సిల్వేనియాలోని సౌత్ విలియమ్స్‌పోర్ట్. అమ్మాయిల సాఫ్ట్‌బాల్ వరల్డ్ సిరీస్ అయితే నార్త్ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో. చాలా జట్ల ప్రయాణం జిల్లాలోనే వారం రోజుల్లో ముగుస్తుంది, విమానం టికెట్లు మరీ ఎక్కువ రోజులు వాయిదా వెయ్యకండి. బేస్‌బాల్ పిచ్చర్‌కి రోజుకి పరిమితి ఉంది: 9-10 ఏళ్లవాళ్లకి 75 బంతులు, 11-12 వాళ్లకి 85. ఒకే రోజు 66 లేదా అంతకన్నా ఎక్కువ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి, 20 దాటకపోతే అక్కర్లేదు. 41 లేదా అంతకన్నా ఎక్కువ వేసినవాడు ఆ రోజు మళ్లీ క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా) కూర్చోకూడదు. కోచ్ ఫామ్‌లో ఉన్న పిచ్చర్‌ని 20వ బంతి దగ్గర ఎందుకు ఆపేశాడో ఇప్పుడు అర్థమైందా, మర్నాటి మ్యాచ్ కోసం. సాఫ్ట్‌బాల్‌లో బంతులు కాదు, ఇన్నింగ్స్ లెక్క.

ఖర్చు ఊరిని బట్టి ఉంటుంది, జెర్సీ, టోపీ, పిన్నులు అని విడిగా కొంత అడుగుతారు, ఇబ్బందిగా ఉంటే బోర్డుకి ప్రైవేటుగా ఒక మెయిల్ పెట్టండి. బ్యాట్ కొత్తది కొనేముందు దాని మీద యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉందో లేదో చూడండి. ట్రావెల్ బాల్‌లో వాడే బ్యాట్లు చాలా వరకు ఇక్కడ ఒప్పుకోరు, మూడు వందల డాలర్లు పోసి కొన్నది కారు డిక్కీలోనే ఉండిపోతుంది.

పేరు రాకపోతే అప్పీలు అంటూ ఏమీ లేదు. మేనేజర్‌ని పార్కింగ్ లాట్‌లో పట్టుకుని అడగకండి, రెండు రోజులు ఆగి "వచ్చే ఏడాదికి మావాడు ఏం మెరుగుపరచుకోవాలి" అని మెయిల్ రాయండి, చాలామంది నిజాయితీగానే చెబుతారు. మావాడికి మొదటి ఏడాది వచ్చిన జవాబు ఒక్క లైను: ఎడమచేతి వైపు వచ్చే నేల బంతులు. ఫాల్ బాల్ (శరదృతువులో ఆడే సీజన్) రిజిస్ట్రేషన్ వేసవి ముగిసేలోపే తెరుస్తారు, ఫోల్డర్‌లో కాగితాలు అలాగే ఉంచండి, ఫిబ్రవరిలో తేదీలు చూసి పాతవి మారిస్తే సరిపోతుంది.